అంచున్న తెర

కట్టంగూర్ దగ్గర హైవే పక్కనున్న వెల్డింగ్ షెడ్డులో ఇల్లుబండికి రంగు కూడా పడింది. కారు వెనక కొక్కేనికి తగిలించుకొని ఎక్కడికంటే అక్కడికి లాక్కుపోయే చిన్న ఇల్లు అది. లోపల రెండు పడకలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము, సీటు కింద బ్యాటరీ. వెంకటరాజం అల్లుళ్లిద్దరూ చెరిసగం వేసుకొని చేయించారు. ఖర్చు చెరిసగమే గానీ మెప్పు మాత్రం మొత్తం చిన్నల్లుడు రాంచందర్‌కే పోయింది. రంగు అతను ఎంచాడు, మామ "మస్తుగుంది" అన్నాడు. కిటికీలకు దోమల జాలీ పెట్టించాడు, మామ దాన్ని వేళ్లతో తడిమి మరీ మెచ్చుకున్నాడు.

పెద్దల్లుడు మురళీమోహన్ నల్లగొండలో మార్కెట్ కమిటీ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు, ఎక్కువ మాట్లాడడు. రాంచందర్ మహబూబ్‌నగర్‌లో టైల్స్ దుకాణం పెట్టి సగం సరుకు మాటలతోనే అమ్ముతాడు. మామ దగ్గర కూర్చుంటే మామ మోకాలి మీద చెయ్యేసి ముచ్చట పెడతాడు. ఆ చెయ్యి చూసినప్పుడల్లా మురళికి కడుపులో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టుండేది. ముందు అల్లుడైంది తను. ఇన్నేళ్లలో మామ పక్కన అంత దగ్గరగా ఒక్కసారైనా కూర్చోలేదు.

అలాంటిది ఒకరోజు ఇల్లుబండి లోపల నిలబడి, ఖాళీ గోడను చూపించి వెంకటరాజమే అన్నాడు.

"టీవీ ముచ్చట మురళికి ఇడ్సిపెట్టున్రి. సదువుకున్నోడు, అరుసుకొని తెస్తడు."

మురళి ఆ మాటను ఇంటిదాకా జాగ్రత్తగా మోసుకుపోయాడు. ఇక ఆ నెలంతా అదే ధ్యాస. ఆఫీసులో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకొని ఫోనులో టీవీల వీడియోలు చూశాడు. ఇంట్లో వాడే టీవీ పెడితే ఇన్వర్టర్ కావాలి, అది బ్యాటరీని గుటగుటా తాగేస్తుంది. బ్యాటరీకి నేరుగా తగిలించే పన్నెండు వోల్టుల టీవీలు వేరే ఉన్నాయి. చిన్నవే గానీ ఎంతసేపైనా ఆడతాయి. గతుకుల రోడ్డు మీద ఊడిపోకుండా గోడకు తాళం పడే స్టాండు కావాలి. డిష్ పెడితే దిగిన చోటల్లా దాన్ని తిప్పుకుంటూ కూర్చోవాలి. నది ఒడ్డున ఫోను సిగ్నల్ మీద నమ్మకం లేదు. కాబట్టి సినిమాలు ముందే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోవాలి. మామకు కుడిచెవి సరిగా వినపడదు, కాబట్టి మామ కూర్చునే వైపు విడిగా చిన్న స్పీకరు.

"ఏమయ్యా, నా పెండ్లిచూపులకు గింత అరుసుకున్నవా?" అంది భార్య అఖిల.

"గది వేరే, గిది వేరే."

"అవు. గప్పుడు మా బాపు నిన్ను ఒప్పుకుంటే చాలు. గిప్పుడు మెచ్చుకోవాలె."

మురళి ఫోను పక్కన పెట్టాడు. భార్యలు ఇంత సూటిగా మాట్లాడకపోతే బాగుండునని మాత్రం అనుకున్నాడు.

ఆదివారం టీవీ డబ్బాతో కట్టంగూర్‌లోని మామ ఇంటికి వచ్చాడు. అత్త ఆండాళు చాయ్ ఇచ్చింది. వెంకటరాజం టీవీని ఒళ్లో పెట్టుకొని వెనకా ముందూ తిప్పి చూశాడు. మురళి గొంతు సవరించుకొని పన్నెండు వోల్టుల సంగతి మొదలుపెట్టాడో లేదో, వాకిట్లో రాంచందర్ కారు ఆగింది. భార్య ఉష వెనకాలే నవ్వుకుంటూ దిగింది. రాంచందర్ చేతిలో ఇటుకంత నల్లటి పెట్టె.

"మామా, ఇగో చూడు. ప్రొజెక్టర్! గోడంత బొమ్మ పడ్తది!"

"తమ్మీ, టీవీ నన్ను తెమ్మన్నరు కదా," అన్నాడు మురళి.

"అన్నా, నీది నువ్వు తెచ్చినవు. నేనేమన్న వద్దన్ననా? వానపడ్డనాడు లోపల కూసొని నీది చూస్తం. వాన పడకుంటే బయట నాది."

ఉత్తరం కిటికీ మూసి, తలుపు దగ్గరికేసి, చీకటి చేసి గోడ మీద బొమ్మ వేశాడు. గోడంతా ఒక పెళ్లి ఊరేగింపు కదిలింది. ఏనుగు తొండం పైకప్పు దాకా లేచింది. వెంకటరాజం ఒళ్లోని టీవీని తెలియకుండానే పక్కన పెట్టేశాడు. మురళి చూసింది ఏనుగును కాదు, ఆ పక్కన పెట్టడాన్ని.

"బయటైతే గోడ ఉండదు కద," అంది ఉష.

"తెర దొరుకుతది. హైదరాబాద్ పోయినప్పుడు కొనుక్కస్త," అన్నాడు రాంచందర్.

వెంకటరాజం తల తిప్పి చూశాడు. "నేతోని ఇంటికచ్చి బట్ట కొనుక్కస్తవా? సిగ్గు లేదార?"

మోకాళ్ల నొప్పులతో ఆయన మగ్గం దిగి కొన్నేళ్లయింది. మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టాలి. అయినా ఆ వారంలోనే వెంకటరాజం మళ్లీ మగ్గం ఎక్కాడు. దగ్గరుండి పడుగు దారాలు సాగదీయించాడు.

ఆ సంగతి ఫోనులో విన్న రోజు మురళికి అన్నం సహించలేదు. పెళ్లికి పెట్టిన పంచెల చాపు తప్ప మామ తనకోసం ఒక్క పోగు నేసింది లేదు. పాపం మోకాళ్లు అని తనూ అడగలేదు. ఇప్పుడు ఆ మోకాళ్లు రాంచందర్ తెచ్చిన ఇటుకపెట్టె కోసం గుంటలోకి దిగాయి.

ఆ తర్వాతి ఆదివారాలు ఏదో ఒక వంకతో కట్టంగూర్ పోయి వచ్చాడు. మగ్గం చప్పుడు వీధి చివరికే వినిపించేది. లోపల మామ నాడెను పోగుల మధ్య అటూ ఇటూ ఆడిస్తూ కూనిరాగం తీస్తుండేవాడు. ఆ రాగంలో ఎంత సంతోషముంటే మురళికి అంత మంట.

ఆండాళు అంచు దగ్గర పట్టుబట్టింది. "అంచు లేని తెల్లబట్ట కట్టి దాని ముంగట పిల్లల్ని కూసోబెడ్తవా? ఇంటికి మంచిదేనా?" అంచు లేని కొత్త తెల్లబట్ట శవానికి కప్పేదని నేతవాళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందుకని తెరకు రెండు వైపులా ఎర్రంచు పడింది. మగ్గం వెడల్పు పంచెలకు తగ్గది కాబట్టి రెండు బట్టలు నేసి నడిమిట్ల కుట్టాలన్నారు.

అలాంటి ఒక ఆదివారమే, రాంచందర్ అక్కడే అల్మారాలో పెట్టిపోయిన ప్రొజెక్టర్‌ను మురళి చేతిలోకి తీసుకున్నాడు. అడుగున అంటించిన చిన్న చీటీ చదివాడు. అది ఎంత కరెంటు తింటుందో అందులో ఉంది. ఇల్లుబండిలోది పాత బ్యాటరీ. దానికి ఇన్వర్టర్ పెట్టి నడిపితే అరగంట ఆడడం గొప్ప. రాంచందర్ దాన్ని ఇంటి ప్లగ్గుకు పెట్టి చూసుకున్నాడే తప్ప బ్యాటరీకి పెట్టి చూడలేదు.

చెప్పాలి. గుమ్మం దాటి మగ్గం దాకా పోయాడు కూడా.

"ఏంది మురళీ?" అన్నాడు వెంకటరాజం నాడె ఆపకుండా. "ఇగో చూడు, రాంచందర్ మిషినికి తగ్గట్టు పేక దారం దగ్గరగ కొడుతున్న. బొమ్మ కండ్లకు ఆనాలె కద!"

మురళి నోటిదాకా వచ్చిన మాట వెనక్కి పోయింది. "ఏం లేదు మామ. చాయ్ తాగినవా అని."

అడిగితే చెప్తాను, అని తనకు తాను చెప్పుకున్నాడు. ఎవరూ అడగలేదు.

సోమశిలకు పోయిన రోజు ఎండ తక్కువగా ఉంది. రాంచందర్ కారుకు ఇల్లుబండి తగిలించారు. మురళి కుటుంబం వెనక బస్సులో కొల్లాపూర్ దాకా వచ్చి కలిసింది. మురళి సంచిలో బట్టల అడుగున, మామ ఇంటి నుంచి వెనక్కి తెచ్చుకున్న పన్నెండు వోల్టుల టీవీ, దానికి విడిగా చిన్న బ్యాటరీ ఉన్నాయి. అఖిలకు కూడా చెప్పలేదు.

కృష్ణ ఒడ్డున చదును జాగా చూసి దిగారు. పొద్దు గూకుతుండగా ఇల్లుబండి మూలకూ నాటిన గడకూ మధ్య తెర కట్టారు. ఎర్రంచుతో అది తెరలా కాదు, ఎవరో రాక్షసుడు ఆరేసుకున్న పంచెలా ఉంది. పిల్లలు విరగబడి నవ్వారు. వెంకటరాజం కూడా నవ్వాడు గానీ, దగ్గరికి పోయి ముడత ఒకటి అరచేత్తో సాపు చేసి వచ్చాడు.

రాంచందర్ ఇన్వర్టర్ పెట్టి ప్రొజెక్టర్‌ను ఇల్లుబండి బ్యాటరీకి తగిలించి, రాజకుమారుడి పాత సినిమా ఒకటి వేశాడు. నడిమి కుట్టు సరిగ్గా రాజకుమారి ముక్కు మీద పడింది.

"అయ్యో, పిల్లకు కుట్లు వడ్డయే!" అంది ఉష.

"ఏ దవాఖానల ఏసిండ్రో, మంచిగనే ఏసిండ్రు," అన్నాడు రాంచందర్. ఆ కుట్టు వేసిన ఆండాళు అల్లుడి వీపు మీద ఒక్కటిచ్చింది. నది గాలికి తెర ఉబ్బితే రాజుగారికి పొట్ట వచ్చింది. మళ్లీ నవ్వులు. మామ చెయ్యి రాంచందర్ భుజం మీద ఉంది. మురళి ఒక్కడే సినిమా చూడలేదు. ప్రొజెక్టర్ మీది చిన్న పచ్చ దీపాన్ని చూస్తూ కూర్చున్నాడు.

రాజకుమారుడు గుర్రమెక్కి కోట గుమ్మం దాకా వచ్చాడు. అంతే. కుయ్యిమని చప్పుడొచ్చి తెర తెల్లబోయింది, తర్వాత నల్లబడింది.

"ఏమాయెరా?"

రాంచందర్ లేచి వైర్లు పీకాడు, పెట్టాడు, ఫోను దీపంతో వెతికాడు. పిల్లలు అరుస్తున్నారు. అతని మాటలన్నీ అయిపోయి ఊరికే నిలబడ్డప్పుడు మురళి లేచాడు. సంచి విప్పాడు. టీవీని ఇల్లుబండి మెట్టు మీద పెట్టి బ్యాటరీ తగిలించాడు. పెన్‌డ్రైవ్ గుచ్చాడు. చక్కటి బొమ్మ, వణుకు లేదు, కుట్టు లేదు. పిల్లలు అటు ఉరికారు.

"అరే అన్నా, నువ్వు దేవునివే!" అన్నాడు రాంచందర్, నిజంగానే.

"బ్యాటరీ పాతది. ప్రొజెక్టర్‌కు సాలదు. నాకెరుకే," అన్నాడు మురళి. ఆ మాట గట్టిగానే అన్నాడు, మామకు ఎడమచెవి వైపు నిలబడి.

వెంకటరాజం చాప మీది నుంచి కదల్లేదు. "ఎప్పటిసంది ఎరుక?"

మురళికి అబద్ధం చేతకాదు. "నువ్వు తెర నేసేటప్పుడే, మామ."

మామ మోకాళ్లు పట్టుకొని లేచి, తెర దగ్గరికి పోయి ముడి విప్పసాగాడు. తడి ఇసుక మీద అంచు పడకుండా ఒక్కడే తంటాలు పడుతున్నాడు. మురళి పోయి రెండో కొస పట్టుకున్నాడు. మామ మెల్లగా అన్నాడు.

"నేను గుంటల దిగినప్పుడు జెప్పేదుండె. నా మోకాళ్లన్న బతుకుతుండె."

"నువ్వు రాంచందర్ కోసం నేస్తున్నవు. నేనెట్ల జెప్త?" అన్నాడు మురళి. "నాకోసం ఎన్నడన్న దిగినవా?"

వెంకటరాజం చేతిలోని అంచును చూసుకున్నాడు. "వానికోసమని ఎవడు జెప్పిండు నీకు? బండి మీ ఇద్దరిది. టీవీ నీది. బొమ్మల మిషిని వానిది. పొయ్యి మీ అత్తది. అండ్ల నాదేమున్నది? ఎక్కుమంటే ఎక్కుడు, దిగుమంటే దిగుడు. మీ ఇద్దర్ని చూస్తే నాకు కుళ్లు వుట్టింది అల్లుడా. నాదీ ఒకటి ఉండాలెనని నేసిన."

మురళి కొస పట్టుకొని అలాగే నిలబడ్డాడు. ముసలాయనకు కూడా అదే అగ్గిపుల్ల. తాను మాత్రం ఆ ముసలాయన కష్టం గాలిలో ఆరిపోతుంటే పచ్చ దీపం చూస్తూ కూర్చున్నాడు.

"మామ, ముడి ఇప్పకు. జర ఆగు."

ఇంకో సంగతీ అతనికి ముందే తెలుసు. కారు ఇంజను నడుస్తుంటే, ఇన్వర్టర్ తీగలు దాని బ్యాటరీకి తగిలిస్తే ప్రొజెక్టర్ ఎంతసేపైనా ఆడుతుంది. విప్పిన ముడి మళ్లీ వేసి, రాంచందర్‌ను కేకేసి కారును తెర వెనక్కి తెప్పించాడు. బానెట్ ఎత్తించాడు. మెట్టు దగ్గరికి పోయి తన టీవీ ఆపేశాడు. పిల్లలు గోల పెట్టారు. "గా తెర మీదనే చూడాలె. మీ తాత నేసిండు," అన్నాడు.

తీగల పట్టులు వదులుగా ఉన్నాయి, ఎవరో ఒకరు తీగను కిందికి లాగి పట్టుకొని ఉండాల్సిందే. మురళి తెర వెనకే బానెట్ పక్కన నిలబడ్డాడు. బొమ్మ వచ్చింది. ఇంజను రొదలో రాజకుమారుడి మాటలు సగం వినపడలేదు. అటు పక్క అంతా ఒక్కసారి చప్పట్లు కొట్టారు. వెనక నుంచి చూస్తున్న మురళికి రాజకుమారుడి కత్తి ఎడమచేతిలో కనపడింది.

కాసేపటికి వెంకటరాజం తెర పక్క నుంచి చుట్టూ తిరిగి వచ్చి, కారు టైరు పక్కన రాయి మీద కూలబడ్డాడు.

"ముంగటికెల్లి చూడు మామ, ఈడికెల్లి ఉల్టా కనబడ్తది."

"బొమ్మ ఎవరికి గావాలె. వెలుగు వెనక పడితే నేత తెలుస్తది. ఇగో, ఈడ పేక పలచగ వడ్డది." వేలితో చూపించి, తర్వాత గొంతు తగ్గించాడు. "మురళీ, నేనన్న ముచ్చట రాంచందర్‌కు జెప్పకు."

"చెప్ప మామ."

మామ రాయి మీద ఇంకాస్త జరిగాడు. తీగ వదలకుండానే మురళి ఆ జాగాలో ఒదిగి కూర్చున్నాడు. భుజానికి భుజం తగిలింది. ఇంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదు. ఎంతో హాయిగా అనిపించింది. అనిపిస్తుండగానే ఒక అనుమానం లోపల మెల్లగా తల ఎత్తింది. ఇదే ముచ్చట మామ రాంచందర్‌తో కూడా ముందే చెప్పి, మురళికి చెప్పకు అని అతనితోనూ అన్నాడేమో?