నాలుగు విరామాలు

ప్రెస్సు మూత దిగేటప్పుడు కారు మొదట అద్దాలతో అరుస్తుంది. ఆ తరువాత పైకప్పు కుంగి, తలుపులు పక్కటెముకలవలె బయటికి ఉబ్బి, చీలిన సీట్లలోనుండి స్పంజి పొంగివస్తుంది. చిట్టచివర, ఇంజను ఉన్నచోట ఏదో ఒకటి ఫెళ్ళున విరుగుతుంది. ఆ విరుపు అతనికి అరికాళ్ళలో వినిపించేది. ఎడమచెవి పోయి పన్నెండేళ్ళయింది; కుడిచెవిలో పసుపుపచ్చని స్పంజి బిరడా ఉంది. యంత్రం తన పని ముగించిందో లేదో అతడు కాళ్ళతోనే తెలుసుకొని, మీట వెనక్కి లాగి, మూత లేపేవాడు. జానెడెత్తు పలకగా మారిన కారును క్రేను తన ఇనుప పంజాతో ఎత్తుకుపోయేది. ఆ ఉదయం అది ఆరవది.

తుక్కు యార్డులో ప్రెస్సు నడిపే ఆ మనిషికి యాభై నాలుగేళ్ళు. మెడ పొట్టిది, భుజాలు బలమైనవి. మాట తక్కువ. గోళ్ళ అంచులలో నూనె నలుపు ఎన్ని సబ్బులు అరగదీసినా పోయేది కాదు. ఎడమచేతి ఉంగరపువేలును ఏనాడో ఒక రేకు మొదలంటా కోసుకుపోయింది. యార్డులో అందరికీ అతడు బాబాయి. ఎవరితోనూ తగవు పడినట్టు ఎవరికీ గుర్తు లేదు. తగవు జరిగేచోటినుండి అతడు నెమ్మదిగా తప్పుకుంటాడని మాత్రం అందరికీ తెలుసు.

ఆరేళ్ళ క్రితం ఒక కారును ప్రెస్సులో పెట్టేముందు డిక్కీ తెరిచి చూడగా, అందులో ఒక యుకులేలే దొరికింది. గిటారుకు పసిబిడ్డ పుట్టినట్టుండే నాలుగు తీగల వాద్యం. నలిపివేయడానికి చేయి రాక ఇంటికి తెచ్చుకున్నాడు. నాలుగు వేళ్ళతో పట్టవలసిన పట్లను మూడింటితో పట్టడం తనంతట తానే నేర్చుకున్నాడు. దాని పొట్టను దవడ ఎముకకు ఆనించి వాయించేవాడు. అలా అయితేనే నాదం పుర్రెలోనికి చేరేది. అప్పుడు లోకంలోని మరే శబ్దమూ అతనికి చేరేది కాదు.

ఆ వాద్యం వాయించేవారు ముప్పైమంది ఫోనులో ఒక గుంపుగా ఉన్నారు. ఒకరినొకరు చూసుకున్నవారు కారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన ఒక టీచరమ్మ నెలకొక అంశం ఇచ్చేది. పోటీ కాదు, బహుమతి లేదు. నెలాఖరులోపు ఎవరి వాయింపు వారు రికార్డు చేసి పంపాలి, అంతే. ఉన్నది ఒక్కటే నియమం: ఒకే ఊపులో వాయించాలి, కత్తిరింపు కూడదు. కుక్క మొరిగినా, కుక్కరు కూసినా అది ఉండవలసిందే. అతడు అక్కడ తన పేరు 'తుక్కు' అని పెట్టుకున్నాడు. టీచరమ్మ దానికి 'గారు' చేర్చింది. నలభై ఒక్క నెలలలో అతడు ఒక్క నెల కూడా తప్పలేదు. జీవితంలో తప్పకుండా చేసిన పని, జీతం పనిని మినహాయిస్తే, అదొక్కటే.

ఈ నెల అంశం విరామం. రెండు నిమిషాల చిన్న వరుసలో నాలుగుచోట్ల పూర్తిగా ఆగి, ఎనిమిది లెక్కపెట్టి, మళ్ళీ ఎత్తుకోవాలి. ఇవాళ్టితో గడువు సరి.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, బిరడా తీసి, ఫోనులో టీచరమ్మ పంపిన గొంతు విన్నాడు.

"తుక్కు గారూ, నిన్న మీరు పంపిన నమూనా విన్నాను. రెండో విరామంలో ఎనిమిది లెక్కపెట్టాల్సింది ఆరే పెట్టారు. మీకంటే మీ పై ఇంటి తబలా ఆయనే నయమండీ. మీరు ఆగితే ఠక్కున ఆగుతున్నాడు, మీరు ఎత్తుకుంటే ఎత్తుకుంటున్నాడు. ఆయన్ని కూడా మన గుంపులో చేర్చేద్దామా? సరే, సాయంత్రం ఆరులోపు పంపండి."

రికార్డుల వెనుక పడే పై ఇంటి చప్పుళ్ళమీద ఆమె చేసే ఈ తబలా పరిహాసం పాతదే. పై వాటాలో రెండేళ్ళుగా ఒక బస్సు డ్రైవరు, అతని భార్య ఉంటున్నారు. డ్రైవరు మర్యాదస్థుడు, మెట్లమీద ఎదురైతే పక్కకు ఒదిగి దారి ఇచ్చేవాడు. "మీరు వాయించుకోండన్నయ్యా, మాకేం ఇబ్బంది లేదు. ఇంకాస్త గట్టిగా వాయించినా పరవాలేదు," అని ఒకసారి తానే అన్నాడు. ఆమె ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్లు వేసుకునేది. పైన ఏమి జరుగుతున్నదో అతనికి తెలియకపోలేదు. కేక వినబడగానే అతడు వాద్యం అందుకునేవాడు. వాయించి దించేసరికి పైన సద్దుమణిగి ఉండేది. తన పాట ఆ ఇంటిని చల్లారుస్తున్నదని నమ్మాడు. ఆ నమ్మకంలో కొంత పుణ్యం చేసిన తృప్తి కూడా ఉండేది.

లెక్క ఎక్కడ తప్పిందో చూద్దామని ఇయర్‌ఫోను కుడిచెవిలో పెట్టుకొని నిన్నటి నమూనాను మొదటినుండి విన్నాడు. వాయించేటప్పుడు దవడ ఎముకలో తన తీగలు తప్ప మరేమీ వినని మనిషి, తన వాయింపును తొలిసారి బయటినుండి వింటున్నాడు. తీగల వెనుక ధబ్, ధబ్ అని, తడిబట్టను రాతిమీద బాదినట్టు. మొదటి విరామం వచ్చింది. తీగలు ఆగాయి. బాదుడు ఆగింది. కిటికీ గట్టుమీద ఫోను ఉంచినందున పై కిటికీలోని ఊపిరి కూడా అందులో పడింది. ఎవరో ముక్కుతో గాలి పీల్చుకుంటున్నారు. ఆ పైన మగగొంతు, నెమ్మదిగా:

"ష్. ఆపాడు. మళ్ళీ మొదలెట్టనీ."

మళ్ళీ మొదలుపెట్టింది తానే. ధబ్, ధబ్.

అతడు ఫోనును బోర్లించి డబ్బా పక్కన పెట్టాడు. అన్నం ముద్ద చేతిలోనే ఉంది.

క్రేను డ్రైవరు ఎదురుగా టైరుమీద కూర్చొని ఉల్లిపాయ కొరుకుతున్నాడు. "ఏంటి బాబాయ్, మొహం అలా పెట్టావు? తీగ తెగిందా?"

"ఒకడు పెళ్ళాన్ని కొడుతున్నాడనుకో. కింద ఇంట్లో నువ్వున్నావు. ఏం చేస్తావు?"

"టీవీ సౌండు పెంచుతా."

అతడు చేతిలోని ముద్దను డబ్బాలో పడేశాడు.

"మనకెందుకు బాబాయ్? పొద్దున లేచి వాళ్ళిద్దరూ కలిసి కాఫీ తాగుతారు. మధ్యలో దూరినోడే వెధవ. నువ్వు దూరే రకమా ఏంటి? నిన్న మనోళ్ళిద్దరూ కలబడితే బాత్రూములో అరగంట కూర్చున్నావు." క్రేను డ్రైవరు నవ్వాడు. ఆ నవ్వులో ద్వేషమేమీ లేదు.

నిజమే. అతడు చిన్ననాడే ఆ విద్య నేర్చాడు. తండ్రి నడుమునుండి బెల్టు ఊడదీసే చప్పుడు వినబడగానే బీరువా వెనుక సందులో దూరేవాడు. దెబ్బలన్నీ అక్కకు పడేవి. కంటికి రెప్ప ఇచ్చిన భగవంతుడు చెవికి ఇవ్వలేదు. ఆ లోటును అతడు రెండు అరచేతులతో పూరించుకునేవాడు. దెబ్బలయ్యాక అక్క వచ్చి, పెదవి తుడుచుకొని, "అయిపోయింది, రారా," అని పిలిచేది. ఇన్నేళ్ళలో అక్క ఆ ప్రస్తావన తేలేదు, అతడూ తేలేదు. ఎడమచెవి పోయిందని డాక్టరు చెప్పిన రోజున అతనికి దుఃఖం కలగలేదు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం పదకొండు కార్లు నలిపాడు. ప్రతిదాని విరుపూ అరికాళ్ళనుండి పైకి ఎక్కి దవడలో ఆగింది. పన్నెండవదాని మూత దిగుతుండగా బిరడా పెట్టుకోవడం మరిచిపోయానని గ్రహించాడు. అయినా పెట్టుకోలేదు.

అయిదు గంటలకు గది చేరాడు. మోచేతులదాకా కడుక్కొని, కిటికీ గట్టుమీద ఫోను నిలిపి, కుర్చీలో కూర్చున్నాడు. మనసులో ఒక ఏర్పాటు చేసుకున్నాడు: వాద్యాన్ని ఈసారి దవడకు ఆనించకూడదు. నిన్న విన్నది పొరపాటైతే పంపివేయవచ్చు. నలభై రెండవ నెల నిండుతుంది. పొరపాటే కావాలని అతడు దేవుణ్ణి నిజంగా వేడుకున్నాడు. ఎర్ర చుక్కను నొక్కి, వాద్యాన్ని రొమ్ముకు ఆనించి మొదలుపెట్టాడు.

రెండవ చరణం ఎత్తుకునేసరికి పైన కుర్చీ పడింది. తరువాత మొదటి దెబ్బ. ఈసారి ఎముక అడ్డం లేదు. దెబ్బ వెనుక అణచుకున్న మూలుగు కూడా వినబడింది. దెబ్బ తాళం తప్పలేదు. అతడు వేగం తగ్గిస్తే అదీ తగ్గింది.

మొదటి విరామం వచ్చింది. ఆగాడు.

పైన ఆగింది.

ఎనిమిది లెక్కపెట్టాడు. ఎత్తుకోలేదు. ఇరవై. నలభై. అరచేతిని తీగలమీద పరిచి కూర్చున్నాడు. తాను ఊరకున్నంతసేపు పైన ఆ చేయి గాలిలో ఆగి ఉంటుందని అనుకున్నాడు. బతుకంతా ఊరకున్న మనిషికి అది ఏపాటి కష్టం? కాని పై కిటికీ రెక్క తెరుచుకుంది.

"ఆపేశారేం అన్నయ్యా? బాగుంది, కానివ్వండి." గొంతులో కొంచెం ఆయాసం ఉంది, అంతే.

అతడు వాద్యాన్ని కుర్చీలో పెట్టి లేచాడు. ఫోను ఆపలేదు. మధ్యలో ఆపకూడదన్నది నియమం. నలభై ఒక్క నెలల అలవాటు.

పదహారు మెట్లు ఎక్కి తలుపు తట్టాడు.

"తలుపు తియ్యి."

"ఏంటన్నయ్యా, ఉప్పూ పంచదారా ఏమైనా కావాలా?"

"తలుపు తియ్యి నాయనా."

తలుపు జానెడు తెరుచుకుంది. ప్రెస్సు మీటలు లాగిన చేయి ఆ సందులో దూరి రెక్కను గోడకు కొట్టింది. ఆమె బల్లకు గోడకు మధ్య ముడుచుకొని ఉంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, ముంజేయి ఉండకూడని వంపు తిరిగి ఉంది. డ్రైవరు చేతిలో బస్సు చక్రాల బోల్టులు విప్పే బారెడు ఇనుప పానా ఉంది. దాని చివరకు పాతచీర గుడ్డ చుట్టి ఉంది, చప్పుడు రాకుండా. ఆ గుడ్డను చూసిన క్షణంలో అతనికి ఏమైనదో! తల దించి ఎద్దులా మీద పడ్డాడు. ఇద్దరూ కలిసి బల్లమీద విరుచుకుపడ్డారు. గాజుగ్లాసులు పగిలాయి. పానా అతని భుజంమీద పడింది, మెడమీద పడింది. వేలు పోయిన ఎడమచేయి డ్రైవరు మణికట్టును పట్టుకుంది. ఒకసారి పట్టు బిగిస్తే విరుపు వచ్చేదాకా వదలని చేయి అది. విరుపు వచ్చింది. డ్రైవరు అరిచాడు.

"పో అమ్మా," అన్నాడతడు, తల తిప్పకుండా. "కిందికి పో. వీధిలోకి పో."

ఆమె పాకింది, లేచింది, గోడ పట్టుకొని మెట్లు దిగింది. డ్రైవరు ఎడమచేత్తో పానా అందుకొని, ఆమె వెళ్ళిన గుమ్మంలో అడ్డంగా నిలబడిన అతని తలపై రెండుసార్లు కొట్టాడు. అతడు పడిపోలేదు. రెండు చేతులతో ద్వారబంధం పట్టుకొని, వీధిలో మనుషుల గొంతులు లేచేదాకా అలాగే నిలబడ్డాడు. ఆ తరువాత వెనక్కి తిరిగి, నాలుగు మెట్లు దిగి, అయిదవదానిమీద కూర్చొని, కుడిచెవిని గోడకు ఆనించాడు. నలుగురూ పైకి వచ్చేసరికి అలసి కునుకు తీస్తున్నాడనుకున్నారు. భుజం తట్టిన తరువాత తెలిసింది, ఊపిరి లేదని.

డ్రైవరును ఆ సాయంత్రమే పట్టుకుపోయారు. కిటికీ గట్టుమీద ఫోను ఇంకా రికార్డు చేస్తూనే ఉండగా, ఎస్సై దానిని ఆపి సంచిలో వేశాడు. గుంపులో టీచరమ్మ ఏడు గంటలకు, "తుక్కు గారూ, మీదొక్కటే రావాలి, ఎదురుచూస్తున్నాం," అని పెట్టింది. మర్నాడు మరొకసారి పెట్టింది.

మూడవరోజు అక్క వచ్చి గది తాళం తీసింది. చేతికి కట్టుతో పై వాటా ఆమె గుమ్మంలో నిలబడింది.

"ఆయన మొదటిచోట ఆపేశారు," అంది. "మళ్ళీ వాయించలేదు."

అక్క చాలాసేపు ఆ మూసుకుపోయిన కంటివైపు చూసింది. "కూర్చోమ్మా," అంది. "నిలబడకు."

గదిలో పులిసిన పాల వాసన ఉంది. ఫ్రిజ్ కింద నీరు మడుగు కట్టి కుర్చీ కాళ్ళదాకా వచ్చింది. ఇది పాడైపోయినట్టుందని అక్క దాని వెనక్కి వంగి చూసింది. రికార్డు చేసేముందు ఆ యంత్రపు గురగుర వినబడకుండా తమ్ముడు దాని ప్లగ్గు పీకేవాడని, అయ్యాక మళ్ళీ పెట్టేవాడని ఆమెకు తెలియదు. గోడ పక్కన, నీళ్ళ అంచున, ప్లగ్గు మూడు ఇత్తడి కాళ్ళూ పైకి పెట్టుకొని పడి ఉంది.