కట్ట కింది మనుషులు

ఆరోగ్యమ్మ శవం రేవుకు దిగువన తుమ్మకంపలో దొరికింది. కోడలు బేబి అత్త నోట్లోని ఇసుకను కొంగుతో తుడుస్తుంటే, ఆనకట్ట కూల్చే కాంట్రాక్టరు తరఫు ఇంజనీరు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఓదార్చడానికి కాదు. "సైరన్ వేశాం. విని కూడా లేవకపోతే మేమేం చేస్తాం?" అన్నాడు. పోలీసులు అదే రాసుకున్నారు. చచ్చినవాళ్ళ మీదకు తప్పు నెట్టడం వీళ్ళకు వెన్నతో పెట్టిన విద్య.

మున్నేటి మీది ఆ పాత ఆనకట్ట పగుళ్ళిచ్చింది. ఏ వరదకో తెగి ఊళ్ళ మీద పడకముందే తీసేయాలన్నారు. తీయొద్దని కట్ట కింది లూర్దుపేటలో ఎవరూ అనలేదు. ముందు నీళ్ళు మెల్లగా వదిలి, మట్టం దిగాక వరస వరసగా రాళ్ళు తీయాలి. కాంట్రాక్టరుకు అంత ఓపికెక్కడిది? నిండు నీళ్ళ మీదే పొక్లెయిన్ పెట్టి గండి కొట్టించాడు. కింద ఎండిన ఏట్లో ఆడవాళ్ళుంటారని ఆయనకు తెలియదా అంటే, తెలుసు. పేటలో బోరు నీళ్ళకు పప్పు ఉడకదు. అందుకే పొద్దున్నే ఇసుకలో చెలమలు తీసి తోడుకుంటారు. ఆ సంగతి దారిన పోయే లారీ డ్రైవర్లకు కూడా తెలుసు. ఆ పొద్దున నీళ్ళు ఒక్కసారిగా మీద పడితే ఒడ్డందినవాళ్ళు బతికారు, ఆరోగ్యమ్మ కొట్టుకుపోయింది.

అత్తను పాతిపెట్టి వచ్చిన సాయంత్రం పేటంతా చర్చి ముందు కూడింది. కూలి సంఘం మోజెస్ సూటిగా అడిగాడు.

"సైరన్ మోగిందా, లేదా? నిజం చెప్పండి."

బేబి తలెత్తింది.

"మోగింది. అత్త లేవబోయింది. క్వారీదేలే, తోడుకో అత్తా అన్నా. నేనే కూర్చోబెట్టా."

పక్కనున్న లూర్దమ్మ ఆమె భుజం పట్టుకుంది.

"నువ్వొక్కదానివేనటే? నేనూ అట్టాగే అనుకున్నా. అక్కడున్నోళ్ళందరం అట్టాగే అనుకున్నాం."

జగ్గయ్యపేట వైపు సున్నపురాతి క్వారీలో పేల్చేముందు రోజూ సైరన్ కూస్తుంది. అది విని లేచి పరిగెత్తినవాడు పేటలో ఇంతవరకూ పుట్టలేదు. ఆ క్వారీ కూడా ఈ కాంట్రాక్టరుదే. అచ్చం అలాంటి సైరన్‌నే తెచ్చి కట్ట మీద పెట్టాడు.

"రోజూ ఏం కాదులే అని అలవాటు చేసిన కూతనే చావుకీ కూయించాడు. ఇది మన తప్పెట్టా అయిద్ది?" అన్నాడు మోజెస్.

రిటైరైన పంతులు ప్రేమానందం గొంతు సవరించుకున్నాడు. "పెద్దవాళ్ళతో పెట్టుకోకండయ్యా. కలెక్టరు గారికి అర్జీ ఇద్దాం."

"కట్ట వెనక ఇంకా సగం నీళ్ళున్నాయి, రేపే రెండో గండంట మాస్టారూ. మీ అర్జీ వాళ్ళు చదివేలోగా ఇంకెంతమందిని పాతిపెట్టాలి?" అంది లూర్దమ్మ.

బేబి లేచి నిలబడింది. ఏడుపు పోయి కోపం మిగిలింది.

"నీళ్ళకు ఎటూ పోవాలిగా. అందరం ఒక్కసారే పోదాం. పోయి కట్ట కిందే కూర్చుందాం. తెలియక చచ్చారని ఈసారి అనలేరు."

మర్నాడు పొద్దెక్కేసరికి ఏరంతా జనమే. ఇంజనీరు ఫోను చేశాడు. సీఐ బలగంతో దిగాడు. కాంట్రాక్టరు పిలిస్తే వీళ్ళకు రెక్కలొస్తాయి.

"లేవండమ్మా. ప్రభుత్వ పని ఆపితే కేసవుతుంది."

"పని ఆపమనట్లేదండి," అంది బేబి. "ముందు తూము తీసి నీళ్ళు దించండి. రెండొడ్లా డప్పేయించి పేటపేటకీ మనిషిని పంపండి. ఏట్లో ఎవరూ లేరని మీ ఇంజనీరుని కాళ్ళతో నడిచి చూడమనండి. అప్పుడు మేమే పలుగులు తెచ్చి రాళ్ళు పీకుతాం."

"అంత టైము లేదు," అన్నాడు ఇంజనీరు.

"మా అత్తకి నువ్విచ్చిన టైమెంత?"

సీఐ లాఠీ ఊపాడు. మోజెస్ తల పగిలింది. ఆడవాళ్ళను జుట్టు పట్టి ఈడ్చారు. బేబిని, లూర్దమ్మను, దొరికినవాళ్ళందరినీ వ్యానులో కుక్కారు. ఏట్లో ఇసుక ఖాళీ అయింది. ఇంజనీరు పొక్లెయిన్ డ్రైవరుకు చెయ్యెత్తి సైగ చేశాడు.

అప్పుడు అవతలి ఒడ్డు నుంచి ట్రాక్టరు చప్పుడు వినిపించింది. అక్కడి తురకపాలెం జాన్‌బాషా ట్రాక్టరును నేరుగా ఏట్లోకి దించి, కట్ట కింద అడ్డంగా ఆపి, తాళం జేబులో వేసుకున్నాడు. అతని భార్య జైనాబీ వెనక ఆడవాళ్ళు బిందెలతో దిగుతున్నారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఇసుకలో కూర్చున్నారు. "గండి కొడితే నీళ్ళు మా ఒడ్డుని అడిగి వస్తాయా?" అంది జైనాబీ, అడ్డొచ్చిన కానిస్టేబులుతో.

పొక్లెయిన్ ఆగిపోయింది. సీఐ ముఖం మాడింది. వ్యాను జాలీ మీద లాఠీతో కొట్టాడు.

"ఇంకా ఎంతమందున్నారే మీరు?"

బేబి జాలీకి ముఖం ఆనించింది.

"ఇక్కణ్ణుంచి కృష్ణలో కలిసేదాకా ఏటి పొడుగునా ఊళ్ళేనండి. ఇంకా బళ్ళు తెప్పించుకోండి."