గుమ్మంలో వాన

ఆ వీధిలో అందరూ ఆమెను టపాకాయ అనేవారు. చాటుగా కాదు, ముఖం మీదే అనేవారు. ఆమె కూడా ఆ పేరు నిలబెట్టుకోవడంలో ఏ లోటూ చేయలేదు. కుళాయి దగ్గర వంతు తప్పినవాడైనా, మెట్ల మీద ఉమ్మినవాడైనా, ఆమె నోట్లో పడ్డాడంటే అంతే సంగతులు. శుభ్రమంటే ఆమెకు ప్రాణం.

ఆ శుభ్రమే కొంప ముంచింది.

కొడుకు పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసం కరిగించే షెడ్డులో పనిచేసేవాడు. సాయంత్రం ఒళ్లంతా బూడిదరంగు దుమ్ముతో వచ్చేవాడు. ఆమె గుమ్మంలోనే చొక్కా విప్పించి, రెండు చేతులా పట్టుకుని దడదడా దులిపేది. మురికి గడప దాటకూడదని ఆమె పట్టుదల. మూడేళ్ల మనవరాలు పిచిక సరిగ్గా ఆ వేళకు పరుగెత్తుకొచ్చి, చొక్కా కింద నిలబడి, చేతులు చాపి "వాన, వాన" అంటూ గంతులేసేది. నానమ్మ ముచ్చటపడి ఇంకో రెండుసార్లు దులిపేది.

కొన్నాళ్లకు పిచికకు కడుపునొప్పి పట్టుకుంది. ముద్ద పెట్టబోతే మొహం తిప్పేసేది. వసపిట్టలా వాగే పిల్ల ఒక్కో మాటే మరిచిపోతూ వచ్చింది. ముందు పాటలు పోయాయి, తర్వాత నానమ్మ అన్న పిలుపు పోయింది. అత్తా కోడళ్లు ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, తండ్రి ఏం పని చేస్తాడని అడిగింది.

"పిల్ల ఒంట్లో సీసం చేరిందమ్మా. మీ అబ్బాయి బట్టల మీద వస్తోంది. ఆ దుమ్ము ఇంటికొస్తున్నంత కాలం నేనిచ్చే మందు ఎందుకూ పనికిరాదు. అక్కడే స్నానం చేసి, ఆ బట్టలు అక్కడే వదిలి రావాలి."

"పోయిన మాటలు తిరిగొస్తాయా?" అని టపాకాయ మెల్లగా అడిగింది. అంత మెల్లగా ఆమె మాట్లాడగా కోడలు ఎప్పుడూ వినలేదు.

"కొన్ని రావచ్చు. ఎన్నొస్తాయో చెప్పలేను."

షెడ్డులో స్నానాల గది లేకపోలేదు. దానికి తాళం కూడా ఉంది. లోపల యజమాని ఖాళీ డబ్బాలు పేర్పించుకున్నాడు. ఆ సంగతి కొడుకు తల దించుకుని చెప్పాడు.

"నేను వెళ్లి అడుగుతా."

"ఊరుకో అమ్మా. నువ్వు నోరు విప్పితే నా పని పోతుంది."

"పిల్ల పోయాక పనెందుకురా?"

మర్నాడు ఆమె కొడుకు చొక్కా మూటగట్టి చంకన పెట్టుకుని యజమాని ఇంటికి వెళ్లింది. ఆమెకు యజమాని మీద ఎంత మంటగా ఉందో, చొక్కా దులిపిన తన చేతుల మీద అంతకు రెట్టింపు మంటగా ఉంది. ఆయన అప్పుడే షెడ్డు నుంచి వచ్చాడు. గేటు దగ్గరే చెప్పులు విడిచి, కుళాయి కింద మొహమూ మోచేతులూ సబ్బుతో రుద్దుకున్నాడు. వేసుకున్న చొక్కా మూతున్న బుట్టలో పడేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని గానీ లోపల అడుగు పెట్టలేదు. ఆమె అదంతా చూస్తూ నిలబడి, వెనకే లోపలికి వెళ్లింది. గది మధ్యలో ఆయన మనవడు బొమ్మల మధ్య పాకుతున్నాడు.

"మా పిల్ల రక్తంలో సీసం ఉందట బాబూ. ఆ స్నానాల గది తాళం తీయించు."

ఆయన కుర్చీలో కూర్చుని నవ్వాడు. "డాక్టర్లకి భయపెట్టడం ఒక సరదా పెద్దమ్మా. మా నాన్న నాటి నుంచీ ఇదే పని. అది వట్టి దుమ్ము. దులిపేస్తే పోతుంది."

"దులిపేస్తే పోతుందా?"

"పోతుందంటున్నాగా."

ఆమె మూట విప్పింది. చొక్కా భుజాలు పట్టుకుని పైకెత్తింది.

"ఆగు, ఇక్కడ దులపకు. పసివాడున్నాడు" అంటూ ఆయన కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచి, మనవణ్ణి ఎత్తుకుని గోడ దాకా వెళ్లిపోయాడు.

ఆమె చేతులు అలాగే పైన ఉండిపోయాయి. ఒక్కసారి విదిలిస్తే కడుపుమంట చల్లారేది. తాత చంకలోంచి పసివాడు ఆమెను చూసి నవ్వాడు. ఆమె చొక్కాను జాగ్రత్తగా లోపలికి మడిచి మళ్లీ మూట కట్టింది.

"అయితే నీకు తెలుసన్నమాట. నాకు తెలీదురా. తెలీక నా చేతులతో నేనే పిల్ల నెత్తిన పోశాను. నువ్వు తెలిసి పోయించావు. నీ షెడ్డులో పనిచేసే అందరిళ్లలోనూ పిల్లలున్నారు. పసివాడంటే నీ ఇంట్లో వాడొక్కడేనా?"

"రేపు తీయిస్తాలే. గొడవ చెయ్యకు."

"రేపు కాదు. తాళంచెవి తీసుకుని నా ముందు నడు. లేదంటే 'ఇక్కడ దులపకు, పసివాడున్నాడు' అన్న నీ మాట ఇంటింటికీ తిరిగి చెప్తా."

ఆమె నోటి సంగతి ఆయన కూడా విన్నవాడే. నడిచాడు.

ఆ మధ్యాహ్నమే డబ్బాలు బయటపడ్డాయి, గదిలో నీళ్లు పారాయి. వీధిలో అందరూ టపాకాయను మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోళ్లు ఆమెకు ఒంటికి కారం రాసుకున్నట్టున్నాయి.

సాయంత్రం కొడుకు తడి తలతో, ఉతికిన బట్టలతో ఇంటికొచ్చాడు. పిచిక పరుగెత్తుకొచ్చి, గుమ్మంలో ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి, చేతులు చాపి మొహం పైకెత్తింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

"ఇంక పడదే తల్లీ" అంది నానమ్మ.

పిల్ల చేతులు దించలేదు.