లేవగానే అందరూ పిలిస్తే

నేను ఒక కంప్యూటర్‌ని. నన్ను ఉంచుకోవాలా, వదిలించుకోవాలా అన్న తగువు నా ఎదురుగానే నడుస్తోంది. నాకు వినిపిస్తుందని ఈ ఇంట్లో ఎవరూ అనుకోరు కాబట్టి మొహమాటం లేకుండా మాట్లాడుకుంటున్నారు.

"అది ముసలిదైపోయింది వనజా, ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు శేషగిరి, తుండు భుజాన వేసుకుని. "దసరాకి ఆఫర్లొస్తాయి. కొత్తది తెచ్చుకుందాం."

"దసరా దాకా నా క్లాసు ఆగుతుందాండీ? సోమవారం కూడా ఆలస్యమైతే సెక్షన్ ఇంకొకరికి ఇచ్చేస్తామని ట్యూషన్ మేనేజరు చెప్పేశాడు."

"ఫోన్లో చెప్పెయ్యమ్మా," అంది లోపల్నించి ఇంటర్ చదివే కూతురు హాసిని.

"లెక్కలు ఫోన్లో ఎలా చేసి చూపిస్తానే? అరచేతిలో త్రిభుజం గియ్యనా?"

"నన్నడిగితే దానికి దిష్టి తగిలింది," అంది శేషగిరి తల్లి సుభద్రమ్మ, తమలపాకు మడుస్తూ. "ఆయుధపూజనాడు బొట్టు పెట్టాక మళ్ళీ పట్టించుకున్న నాథుడు లేడు."

వనజాక్షి పెళ్ళయిన కొత్తలో బళ్ళో లెక్కల టీచరు. హాసిని పుట్టాక మానేసింది. ఇన్నేళ్ళ తర్వాత ఒక ట్యూషన్ సెంటరు వాళ్ళు పదో తరగతి పిల్లలకి ఇంటినుంచే పాఠం చెప్పమన్నారు. తెల్లవారాక, పిల్లలు బడికి వెళ్ళేలోపు ఒక గంట. ఆ గంటకోసం ఆవిడ పాత పుస్తకాలు అటక మీంచి దింపించుకుంది. కానీ నేను లేవలేకపోతున్నాను. ఇప్పటికే రెండుసార్లు పిల్లలంతా వచ్చి కూర్చున్నా టీచరు రాలేదు. నా తెర మీద చక్రం తిరుగుతూ ఉంటే, ఆవిడ కుర్చీ అంచున కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయింది.

నేను పుట్టుకతో సోమరిదాన్ని కాను. రాజమండ్రిలో ఒక మేడ మీద గదిలో, ఒకచోటి పెట్టె, ఒకచోటి పంకా, ఇంకెక్కడిదో మెదడు తెచ్చి కలిపి నన్ను తయారుచేశారు. మొదట నన్ను కొన్నది పాలకొల్లులో వీర్రాజుగారి ఫోటో స్టూడియో. అక్కడ పెళ్ళికూతుళ్ళ చెంపల మీద మొటిమలు తుడిచింది నేనే. పెళ్ళికొడుకుల పొట్టలు లోపలికి నెట్టింది నేనే. ఆల్బం చూసి "మావాడు అచ్చం హీరోలా లేడూ!" అని చుట్టాలు మురిసిపోతుంటే వీర్రాజుగారు నావైపు చూసి నవ్వేవారు. స్టూడియో మూసేసిన రోజున శేషగిరి నన్ను పాత దుప్పట్లో చుట్టి, ఆటోలో తణుకు తీసుకొచ్చాడు.

ఈ ఇంట్లో అందరికీ నాతో పనే. శేషగిరి షేర్ల ధరలు చూపించే ప్రోగ్రాం పెట్టాడు. పక్కనే పంచాంగం. హాసిని రెండు ఆటలూ, పాటలదీ పెట్టింది. సుభద్రమ్మగారికి బెంగుళూరులో ఉన్న చెల్లెలి మొహం చూపించడానికి ఇంకొకటి వచ్చింది. ప్రతి ప్రోగ్రామూ లోపలికి వచ్చేటప్పుడు, "కంప్యూటర్ లేవగానే నేనూ లేవనా?" అని అడుగుతుంది. అడగడం పేరుకే, టిక్కు అదే పెట్టుకుని వస్తుంది. వంకాయల్ని ఒక్కొక్కటే తిప్పి చూసి ఏరుకునే మనుషులు అక్కడ మాత్రం చదవకుండా "సరే" నొక్కేస్తారు.

రాత్రి పడుకునే ముందు మెయిన్ స్విచ్ కట్టేయడం శేషగిరి అలవాటు. అందుకని నేను ప్రతి ఉదయం మొదటినుంచీ లేవాలి. కళ్ళు తెరుస్తానో లేదో షేర్లు ఒక పక్కనుంచి లాగుతాయి, పంచాంగం తిథి చదవడం మొదలుపెడుతుంది, ఆటలు కొత్త సరుకు తెచ్చుకుంటామని గోల చేస్తాయి. వీర్రాజుగారి ఆల్బం ప్రోగ్రాం కూడా లేచి, పెళ్ళిళ్ళేమైనా వచ్చాయా అని చూస్తుంది. స్టూడియో లేదని దానికెవరూ చెప్పలేదు. ఈ తోపులాటలో వనజాక్షి క్లాసు అన్నిటికన్నా వెనక నిలబడేది.

పోయిన వారం శేషగిరి నా మీద జాలిపడి, వేగం పెంచుతుందట, ఒక ప్రోగ్రాం ఉచితంగా దొరికితే తెచ్చి పెట్టాడు. అది అందరికన్నా ముందు లేచి, నా దారికి అడ్డంగా నిలబడి, "మీ కంప్యూటర్ చాలా నెమ్మదిగా ఉంది" అని ఎర్రక్షరాల్లో చాటింపు వేసేది.

"చూశావా, అదే చెప్తోంది," అనేవాడు శేషగిరి.

ఆదివారం భోజనాలయ్యాయి. వనజాక్షి నన్ను లేపి, ఏమీ నొక్కకుండా చూస్తూ కూర్చుంది. నా తెరకి కుడివైపు కింది మూలలో చిన్న చిన్న బొమ్మలు ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నాయి. "వీళ్ళంతా ఎవరు? నేను పిలవలేదే!" అని పైకే అంది.

కింది పట్టీ మీద మౌస్ కుడి బటన్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచింది. అందులో స్టార్టప్ అన్నచోట, నాతోపాటే లేచేవాళ్ళందరూ దొరికిపోయారు. ఎవరు నా మీద ఎంత బరువు వేస్తున్నారో కూడా పక్కనే రాసి ఉంది. ఆవిడ పమిట బొడ్లో దోపుకుంది. ఒక్కొక్కదాని మీదా నొక్కి "డిసేబుల్" అంటూ పోయింది.

హాసిని పరిగెత్తుకొచ్చింది. "అమ్మా! నా గేమ్ తీసేస్తున్నావా?"

"తియ్యట్లేదే. పొద్దున్నే లేచి రావద్దంటున్నాను. నువ్వు పిలిస్తే పలుకుతుంది."

"నా షేర్లో?" అన్నాడు శేషగిరి, మంచం మీంచే.

"మార్కెట్టు తెరిచేది తొమ్మిది దాటాక కదండీ. తెల్లారకుండానే ఎవరికి చూపిస్తోందది?"

"మా చెల్లెలు ఫోన్ చేస్తేనో?" అంది సుభద్రమ్మ.

"పిన్నిగారు ఎనిమిదైనా లేవరు అత్తయ్యగారూ. ఆవిడకి లేని తొందర దీనికెందుకు?"

సుభద్రమ్మకి నవ్వొచ్చింది. "అదీ నిజమే. చిన్నప్పట్నించీ అది మొద్దు నిద్రే."

వైరస్ కాపలాదాన్నీ, శబ్దం చూసేదాన్నీ వనజాక్షి ముట్టుకోలేదు. పేరు తెలియనిదల్లా ఏమిటో వెతికి తెలుసుకున్నాకే చెయ్యి వేసింది. ఏముందో చూడకుండా వంటింట్లో ఒక్క సీసా కూడా పారబోసే మనిషి కాదు. వేగం పెంచుతానన్న పెద్దమనిషిని మాత్రం సామానుతో సహా బయటికి పంపేసింది. చివర్న ఆల్బం ప్రోగ్రాం దగ్గర ఒక్క క్షణం ఆగి, "పాపం, ఎవరిదో పాతది," అని దాన్నీ పడుకోబెట్టింది.

సోమవారం పొద్దున్న పాలు పొంగేలోపు నేను లేచి కూర్చున్నాను. నాకే ఆశ్చర్యం వేసింది. వనజాక్షి వచ్చి క్లాసు తెరిచి, నా నెత్తిన ఒకసారి తట్టి, పొయ్యి కట్టేసి వస్తానని వెళ్ళింది.

వెళ్ళిన మనిషి రాలేదు.

"వనజా, నా కాఫీ!" అని సుభద్రమ్మ. "వేణ్ణీళ్ళ స్విచ్చి వేశావా?" అని శేషగిరి. "అమ్మా, జడ!" అని హాసిని. "నా బనీనెక్కడ పెట్టావ్?" అని మళ్ళీ శేషగిరి. ఆవిడ ఒకరికి జవాబు చెప్పి రెండడుగులు నావైపు వేసేసరికి ఇంకొకరు పిలుస్తున్నారు.

నా తెర మీద పిల్లలు గళ్ళల్లో నిండిపోయారు. "మేడం ఇవాళ కూడా రాలేదేంట్రా?" అన్నారెవరో. కిందిగడిలో మేనేజరు కూడా వచ్చి కూర్చున్నాడు. ఎదురుగా ఖాళీ కుర్చీ. గొంతుంటే నేనే పిలిచేదాన్ని. అప్పటికే పిలుస్తున్నవాళ్ళు చాలరా అనిపించింది. మేనేజరు గొంతు సవరించుకుని, "పిల్లలూ..." అన్నాడు.

"గుడ్ మార్నింగ్!" వనజాక్షి కుర్చీలో కూలబడింది. "పోయినసారి ఇచ్చిన లెక్క ఎవరెవరు చేశారు?"

మేనేజరు కాసేపు విని వెళ్ళిపోయాడు. గంటసేపు ఆవిడ గీతలు గీసింది, పిల్లల చేత చెప్పించింది, ఒకసారి పకపకా నవ్వింది కూడా. ఈ ఇంట్లో ఆ నవ్వు నేను ముందెప్పుడూ వినలేదు. క్లాసయ్యాక చూసుకుంటే మౌస్ మీద దోసెల పిండి అంటుకుని ఉంది. కొంగుతో తుడిచి, తెర మూలన మిగిలిన కాసిని బొమ్మలవైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది.

రాత్రి అందరూ అన్నాలకి కూర్చున్నారు. నా బల్ల ఆ గదిలోనే, గోడవారగా ఉంటుంది.

"ఏమైనా వనజ మొండిది. ముసలిదాన్ని పరిగెత్తించింది," అన్నాడు శేషగిరి, పప్పులో నెయ్యి వేసుకుంటూ. "ఇంకేం, నీ క్లాసుకి ఢోకా లేదు."

వనజాక్షి అందరికీ చారు వడ్డించి, తనూ కూర్చుని కంచం దగ్గరికి లాక్కుంది. గొంతు పెంచలేదు.

"రేపట్నించి అత్తయ్యగారి కాఫీ ఫ్లాస్కులో పోసి ఉంచుతాను. వేణ్ణీళ్ళ స్విచ్చి మీరు వేసుకోండి. బనీన్లు బీరువాలో రెండో అరలో ఉంటాయి. హాసినీ, జడ నువ్వే వేసుకో, రాకపోతే ఈ రాత్రికి నేర్పిస్తాను. నేను లేచిన దగ్గర్నించి క్లాసయ్యేదాకా నన్నెవరూ పిలవద్దు." ముద్ద కలుపుకుంటూ ఒక్కసారి నావైపు చూసింది. "తర్వాత పిలవండి, పలుకుతాను."