చిన్న ముక్కల ఆట

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారింట్లో బల్ల మీది గిన్నెలు తీసి, పాత ఆకుపచ్చ దుప్పటి పరిచారంటే చాలు, లిఫ్టు మెకానిక్కు ముందుగానే చొక్కా చేతులు పైకి మడుచుకునేవాడు. పెళ్ళయి ఏడు నెలలైంది. ఆ ఏడు నెలల్లో ఆ దుప్పటి మీద అతను నెగ్గిన ఆట ఒక్కటంటే ఒక్కటి లేదు.

అది డబ్బు పెట్టి ఆడే ఆట కాదు. బిస్కెట్ల డబ్బాలో చొక్కా గుండీలు ఉండేవి. తలా ముప్ఫై తీసుకునేవారు. ముందుగా ఎవరి గుండీలు అయిపోతే వాళ్ళు ఆ పూట అంట్లు తోమాలి. అందుకే ఆ వంటింట్లో ఏ గిన్నె అడుగు మాడుతుందో, ఏ మూకుడు పిడి ఊగుతుందో ఆ ఇంట్లో పుట్టి పెరిగిన ఆడపిల్లలిద్దరికంటే కొత్తల్లుడికే బాగా తెలుసు.

ఇంట్లో అందరూ దాన్ని "చిన్నాట" అనేవారు. సరుకుల ఓడలో పనిచేసిన మామగారు ఎప్పుడో ఆ ఓడ వంటవాడి దగ్గర నేర్చుకుని తెచ్చారు. ఆయన పోయినా ఆట మిగిలింది. మిగతా పేకాటల్లో రాజుల కోసం, రాణుల కోసం ప్రాణాలు విడుస్తారు. ఇందులో బొమ్మ పడితే మొహం మాడ్చుకోవాలి. మనిషికి నాలుగు ముక్కలు. ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు, నాలుగు రంగులూ తలా ఒకటి ఉండాలి, ఏ అంకే రెండోసారి రాకూడదు, ఉన్నవి ఎంత చిన్నవైతే అంత మంచిది. ఆసంటే ఒకటి. ఒకే రంగువి రెండు పడితే అందులో ఒకటి లెక్కలోకి రాదు. జోడీ పడినా అంతే. నాలుగూ లెక్కకొచ్చిన చెయ్యి, మూడే లెక్కకొచ్చిన చేతిని ఎప్పుడూ కొడుతుంది. ఇద్దరికీ నాలుగూ కుదిరితే ఎవరి పెద్ద ముక్క చిన్నదైతే వాళ్ళది గెలుపు. నచ్చని ముక్కలు మూడుసార్లు మార్చుకోవచ్చు. మధ్యమధ్యలో గుండీలు కాస్తూ ఉండాలి, ఒకరు పెంచితే మిగతావాళ్ళూ అన్నీ పెట్టాలి, ధైర్యం చాలకపోతే ముక్కలు చూపించకుండానే పడేసి తప్పుకోవాలి.

ఇంత తెలిసీ అతను ఎందుకు ఓడిపోయేవాడంటే, రెండు కారణాలు. ఒకటి, పంచిన ముక్కలు పడేసి తప్పుకోవడం అతనికి మర్యాదగా తోచేది కాదు. పెద్దవాళ్ళు పంచారు కదా అని ఆఖరి మార్పుదాకా గుండీలు కాస్తూ కూర్చుని, చివర్లో అత్తగారిని ముక్కలు చూపించమనలేక వదిలేసేవాడు. రెండోది, చెవులు. చేతిలో మంచి ముక్క పడితే చెవులు ఎర్రబడేవి. అబద్ధమాడాలని అనుకున్నా ఎర్రబడేవి.

"మరిదిగారి చెవులు వెలిగాయి. నేను పడేస్తున్నా," అనేది వదిన, అంటే అతని భార్యకి అక్క. ఆసుపత్రిలో నర్సు. ఒంట్లో ఏం లోపముందో మొహం చూసి చెప్పే మనిషి. భార్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. అత్తగారు మాత్రం నవ్వేవారు కాదు. పంచినప్పుడు ముక్కలు ఒకసారి ఎత్తి చూసుకుని, బోర్లా పెట్టి, "నాకేం మార్చక్కర్లేదు," అని చేతులు కట్టుకునేవారు. ఆ మాట వినగానే కూతుళ్ళిద్దరూ గబగబా పడేసేవారు. గుండీలన్నీ ఆవిడ వైపే చేరేవి.

ఒక బుధవారం, అతనికి సెలవు రోజు, అత్తగారు ఫోను చేశారు. వంటింటి కుళాయి కారుతోందట. పానా, వాషర్లు సంచిలో వేసుకుని వెళ్ళాడు. కుళాయి చుక్క కారడం లేదు.

"దానికే రోగమూ లేదు," అన్నారావిడ. బల్ల మీద దుప్పటి అప్పటికే పరిచి ఉంది. "కూర్చో. నీకు ఆట నేర్పాలి. మా పిల్లలు నిన్ను ఆడిస్తుంటే చూడలేకపోతున్నా."

ఎప్పుడూ "అల్లుడుగారూ, మీరు" అనే మనిషి మొదటిసారి "నువ్వు" అన్నారని అతనికి కూర్చున్నాక గాని తట్టలేదు. తట్టాక, తెలియకుండానే కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"మొదట పడేయడం నేర్చుకో," అన్నారావిడ పేక కలుపుతూ. "పంచగానే చూస్తావు. వేరువేరు రంగుల్లో చిన్న ముక్కలు మూడున్నాయా? ఉండు. రెండే ఉన్నాయా, ఆలోచించు. ఒకటే ఉందా, పడేసి మంచినీళ్ళు తాగు. ఎవరూ ఏమీ అనుకోరు."

"మరి నాలుగోది రాజు పడితే? నాలుగు రంగులూ కుదిరినట్టే కదా అత్తయ్యా?"

"కుదిరినట్టే. కానీ ఎదుటివాళ్ళ చేతులు చూడు. వాళ్ళింకా రెండేసి మారుస్తున్నారంటే నీ రాజు నీకు చాలు. ఎవరైనా ఆగిపోయారంటే వాళ్ళ దగ్గర నీకంటే చిన్నవే ఉంటాయి. అప్పుడు ఆ రాజుని కావలించుకుని కూర్చోకు. నీ నాలుగు ముక్కలూ ముఖ్యమే. అవతలివాళ్ళు ఎన్ని మార్చారన్నది అంతకంటే ముఖ్యం. అందుకే చివర మాట్లాడే వంతు వస్తే వదులుకోకు. అందరూ ఏం చేశారో విన్నాక నువ్వు చేస్తావు."

ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేశారావిడ. చెవిలో గొట్టం పెట్టుకుని ఊరందరి గొంతులూ విన్న మనిషి. "మీ వదిన 'ఒకటి' అని కటువుగా అందనుకో, కావలసింది దగ్గరికొచ్చిందన్నమాట. 'ఒక్కటి చాలు లే' అని సాగదీసిందా, చేతిలో ఏమీ లేదు. మీ ఆవిడ మంచి ముక్క పడితే ఊపిరి బిగపడుతుంది. మొగుడివి, నీకా మాత్రం తెలియదూ?"

తెలియదని అతను సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు.

రెండో బుధవారం ఇద్దరూ ఎదురెదురుగా ఆడారు. అతను ఆరు ఆటలు పడేసి, ఏడో ఆటలో నిలబడ్డాడు. తొమ్మిది పెద్ద ముక్కగా నాలుగు రంగులూ కుదిరాయి. అత్తగారు తన ముక్కలు తిప్పి పరిచారు. "ఏడు పెద్దది. నాదే."

అతను వంగి చూశాడు. ఇస్పేటు ఐదు, కళావరు ఏడు, ఆటీను రెండు, ఆటీను ఆరు.

"అత్తయ్యా, ఆటీన్లు రెండున్నాయి."

"ఒకటి డైమను కదా."

"కాదండీ."

ఆవిడ ఆ ముక్కని పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. ముక్కని పక్కకి జరిపి, తల ఇంకోవైపు తిప్పి, ఓరగా చూశారు. మళ్ళీ వచ్చి కూర్చున్నారు. ముక్కని దుప్పటి మీద బోర్లా పెట్టారు.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడతను మెల్లిగా.

"ఏడాది దాటింది. సరిగ్గా నడిమధ్యలో మసక. అంచులు కనిపిస్తాయి. నిన్ను చూస్తే చెవులు రెండూ కనిపిస్తాయి, మధ్యలో ముక్కూ మూతీ ఉండే ఉంటాయిలే అనుకుంటా."

అతనికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. "మరి ప్రతి ఆదివారం ఎలా గెలుస్తున్నారు?"

"నా ముక్కలు చూసి కాదు. మీరు ముగ్గురూ నోటితో చెప్పేస్తుంటే ఇంక చూడ్డమెందుకు? మీ గొంతులు బిక్కచచ్చినట్టుంటే నేను ఆగిపోతా. మీరు పడేస్తారు. ఎవరైనా గట్టిగా నిలబడితే నేనే పడేస్తా. ఇంతవరకూ ఎవరూ చూపించమనలేదు."

"డాక్టరుకి చూపిద్దాం అత్తయ్యా. రేపే వెళ్దాం."

"వెళ్దాంలే. కానీ పిల్లలకి చెప్పకు. పెద్దదానికి తెలిస్తే పొయ్యి దగ్గరికి కూడా రానివ్వదు. తీసుకెళ్ళి దాని ఇంట్లో మంచం మీద కూర్చోబెడుతుంది. చెప్పేదుంటే నేనే చెబుతా. నీ నోటినుంచి మాత్రం రాకూడదు."

అతను మాటిచ్చాడు.  లిఫ్టు గుంటలో దిగి ఇనుప తాళ్ళకి గ్రీజు పూస్తున్నా అదే ఆలోచన. ఆవిడ ఒక్కరే మెట్లు దిగుతారు. ఒక్కరే రోడ్డు దాటుతారు. ఇంట్లో భార్య "ఏమండీ, అలా ఉన్నారేం?" అని రెండుసార్లు అడిగింది. పని ఎక్కువైందని చెప్పాడు. చెవుల్ని చేతులతో కప్పుకుని మరీ చెప్పాడు.

ఆ ఆదివారం భార్య పంచింది. ఆమెకి ఎడమపక్క అత్తగారు, తర్వాత అతను, తర్వాత వదిన. అప్పటికే గంట ఆట నడిచింది. నేర్చుకున్నట్టే అతను చాలా చేతులు పడేసినందువల్ల తన ముందు పాతిక దాకా గుండీలు మిగిలాయి. వదిన కొంచెం ఆశ్చర్యంగా, "మరిదిగారికి ఎవరో మందు వేశారు," అంది.

ఈసారి అతనికి ఇస్పేటు ఆసు, ఆటీను మూడు వచ్చాయి, మిగతా రెండూ పనికిమాలినవి. ఆలోచించి ఉండిపోయాడు. అత్తగారు, "నాకేం మార్చక్కర్లేదు," అన్నారు. అతను రెండు మార్చాడు. ఇద్దరు రాజులు దిగారు, ఒకడు ఇస్పేటు, ఇంకొకడు ఆటీను. రెండోసారి ఆ రాజులిద్దర్నీ మార్చాడు. ఇస్పేటు జాకీ, ఇస్పేటు రాణి. చేతిలో మూడు ఇస్పేట్లు. ఇంక ఏ ఆశా లేదు. భార్య ఎప్పుడో పడేసింది. వదిన మొదట ఒకటి, తర్వాత ఒకటి మార్చింది. రెండోసారి "ఒకటి" అన్నప్పుడు గొంతు కటువుగా ఉంది.

మూడోసారి అత్తగారు మార్చలేదు. అతను పడేద్దామనుకుంటూనే, ముక్కలు బోర్లా పెట్టి, "నాకూ వద్దు," అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలియదు. వదిన కూడా మార్చలేదు.

అత్తగారు ఐదు గుండీలు ముందుకి తోశారు. వెంటనే వదిన తన వంతు రాకుండానే ఐదు గుండీలు లెక్కపెట్టి చేతిలో పట్టుకుంది.

"ఏడాదినుంచీ చూస్తున్నా. నువ్వు ఆగడం, మేం పారిపోవడం. ఇవాళ నీ ముక్కలు చూసి గాని లేవనమ్మా."

అత్తగారి చెయ్యి బోర్లా పడి ఉన్న ముక్కల మీద కదలకుండా ఉండిపోయింది. గుండీలు కాసేశారు. ఇక వెనక్కి తీయడానికి లేదు. వదిన చూపించమంటే చూపించాలి. అవేమిటో ఆవిడకే తెలియదు.

అతని వంతు. తన ముందున్న గుండీలన్నీ రెండు చేతులతో కలిపి బల్ల మధ్యకి తోసేశాడు.

"ఏమండీ!" అంది భార్య.

చెవులు భగ్గుమనడం అతనికే తెలుస్తోంది. ఈసారి వాటిని దాచుకోవాలని కూడా అనిపించలేదు. వదిన అతని వైపు తిరిగి, కళ్ళు చిన్నవి చేసి చూసింది.

"రెండు మార్చారు, మళ్ళీ రెండు మార్చారు, ఇప్పుడు ఆగిపోయారా? రెండూ ఒక్కసారే కలిశాయా?"

"చూడాలంటే ఇరవై రెండు పెట్టండి వదినా." గొంతు వణికింది.

"చేతులు కూడా వణుకుతున్నాయి. ఇన్నాళ్ళలో ఇంత వణుకు చూడలేదు." తన గుండీల్ని చూసుకుంది. సరిగ్గా ఇరవై ఉన్నాయి. అన్నీ పెట్టినా ఓడితే ఖాళీ. నిట్టూర్చి ముక్కలు తిప్పి పడేసింది. నాలుగు రంగులు, ఎనిమిది పెద్దది. "ఎనిమిదితో పడేస్తున్నానంటే నా ఖర్మ. పెళ్ళైన ఏడు నెలలకి ఒక ఆట నెగ్గుతున్నారు, నెగ్గండి."

"నేనూ పడేశా," అన్నారు అత్తగారు. ముక్కలు మాత్రం చేతి కిందే ఉన్నాయి.

వదిన ఊరుకునే మనిషి కాదు. అతని ముక్కలు లాక్కుని తిప్పింది. ఆసు, మూడు, జాకీ, రాణి. ఇస్పేట్లు మళ్ళీ ఒకసారి వేలితో లెక్కపెట్టింది. తర్వాత కుర్చీ వెనక్కి వాలేంత నవ్వింది. "ఓరి నాయనో! మూడు ఇస్పేట్లు! ఈ చెవులేసుకుని నన్ను ముంచాడే!" భార్య లేచి వచ్చి, అక్క ముందే, అతని తల మీద ముద్దుపెట్టింది. ఆనందంలో అతనికి కళ్ళు చెమర్చాయి, అత్తగారి వైపు చూడలేకపోయాడు.

నవ్వులు తగ్గేదాకా ఆగి, అత్తగారు తన నాలుగు ముక్కల్నీ పెద్దకూతురి ముందుకి జరిపారు.

"ఇవేంటో చదివిపెట్టు."

"నువ్వే చదువు. నీ ముక్కలేగా?"

"కనబడితే చదవనా తల్లీ?"

 వదిన మొదట ముక్కల్ని చూసింది, తర్వాత తల్లి కళ్ళలోకి చూసింది. నర్సు కదా, ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. లేచి వెళ్ళి తల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "ఎప్పట్నుంచి? నాకెందుకు చెప్పలేదు?" అని తిట్టడం మొదలెట్టి, మధ్యలోనే ఏడ్చేసింది. చిన్నది అప్పటికే ఏడుస్తోంది.

"మీ ఆయన్నేమీ అనకు," అన్నారు అత్తగారు చిన్నకూతురితో. "నేనే నోరు కట్టేశాను. నా కోసం ఉన్న గుండీలన్నీ బల్ల మీద పోశాడు. ఆ తర్వాత కూడా దాచుకుని కూర్చుంటే నాకు సిగ్గుగా ఉండదూ?"

మర్నాడు నలుగురూ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఎడమ కంటిది పొర, తీసేయొచ్చన్నాడు. కుడి కంటిది లోపలి జబ్బు, పోయిన చూపు రాదు, ఉన్నది పోకుండా మందులు వాడదామన్నాడు. మొత్తం పోతుందేమోనని లోపల్లోపల బెదిరి ఉన్న అత్తగారికి ఆ సగం కబురే పండగలా వినిపించింది. పెద్దకూతురు తన ఇంటికి వచ్చేయమంది. ఆవిడ ససేమిరా అన్నారు. గంటసేపు వాదులాడుకుని, మెట్లకి రెండోవైపు కూడా కడ్డీ బిగించాలనీ, బుధవారాలు అల్లుడు, శనివారాలు పెద్దకూతురు రావాలనీ రాజీకి వచ్చారు. కడ్డీ అతనే బిగించాడు. ఎక్కడ చెయ్యి పడుతుందో ఆవిడచేత పట్టించి చూసి మరీ.

ఆపరేషనైన ఆరో వారానికి మళ్ళీ దుప్పటి పరిచారు. వదిన ఎక్కడో వెతికి కొత్త పేక తెచ్చింది. అందులో నాలుగు రంగులూ నిజంగానే నాలుగు రంగులు. కళావర్లు ఆకుపచ్చ, డైమన్లు నీలం.

"కళావరు ఆకుపచ్చేమిటే? ఆకుకూరలా ఉంది," అని అత్తగారు విసుక్కున్నారు గాని, ముక్కల్ని ఒక్కొక్కటే దగ్గరికి, దూరానికి జరుపుతూ మురిసిపోయి చూసుకున్నారు. ఏడాది తర్వాత తన చేతిలో ఏముందో తనకి కనబడింది. చూసేకొద్దీ ఆశ పెరిగింది. పదిని వదిలి ఐదు కోసం మార్చారు, ఐదు వస్తే రెండు కోసం మార్చారు. వరసగా మూడు ఆటలు పోయాయి.

"అత్తయ్యా, ఎదుటివాళ్ళు ఎన్ని మార్చారో చూడమన్నారు కదా," అని గుర్తుచేశాడు అల్లుడు.

"నువ్వు నోర్ముయ్యి," అన్నారావిడ, చేతిలో ముక్కల మీంచి చూపు తిప్పకుండా. "ఎంత ముద్దుగా ఉందో చూడు ఈ నీలం రెండు. పంచవే, ఇంకో ఆట పంచు."