ముందు చక్రం

కారు అడ్డంగా జారుతూ గోడకేసి దూసుకొస్తుంటే, ఆ గోడ అవతల కెమెరా పట్టుకుని నిలబడటం కూడా ఒక ఉద్యోగమేనా అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. ఉద్యోగమే. కాలిన రబ్బరు కంపు ఎంత తలంటుకున్నా జుట్టుని వదలదు, టైరు ముక్కలు ఎగిరొచ్చి మొహాన కొడతాయి, చెవుల్లో దూది పెట్టుకున్నా తల దిమ్మెక్కిపోతుంది. అయినా ఉద్యోగమే, దాంతోనే తింటున్నాను.

ఈ పనిలో కొత్తగా దిగినవాళ్లందరూ ఒకటే తప్పు చేస్తారు. బండి వేగంగా పోతోంది కదా అని షటర్ వేగం కూడా పెంచేస్తారు. ఫొటో అద్దంలా వస్తుంది. కాకపోతే చక్రాల్లో స్పోకులన్నీ లెక్కపెట్టుకోవచ్చు, బండి ఇంటిముందు నిలబెట్టినట్టు ఉంటుంది. అలాంటి ఫొటో తెచ్చినవాణ్ణి మావాళ్లు ఏడాదిపాటు ఏడిపిస్తారు. మేం షటర్ నెమ్మదిగా పెట్టి, బండితో పాటు నడుం తిప్పుతాం. అప్పుడు బండి స్పష్టంగా వస్తుంది, వెనకున్న జనం గీతలైపోతారు, తిరిగే చక్రం పొగమంచు ముద్దలా వస్తుంది. నాకు ఇది చెయ్యడం వచ్చు. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, మా ఊళ్లో నాకంటే బాగా వచ్చినవాళ్లు లేరు.

నా తమ్ముడు డ్రిఫ్టింగ్ డ్రైవరు, అంటే కారుని అడ్డంగా జార్చే పందేలు ఆడతాడు. మా మరదలు, అంటే వాడి భార్య, కూడా డ్రైవరే. మొదట్లో ఆ అమ్మాయి వాడి గ్యారేజీలో టైర్లు మార్చేది, ఇంజన్లు విప్పేది, బ్రేకులు బిగించేది. ఒళ్లంతా గ్రీజు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక పాట. ఖాళీగా ఉన్నప్పుడు సరదాగా స్టీరింగు పట్టుకుంది. పట్టుకున్నది పట్టుకున్నట్టే వచ్చేసింది. తమ్ముడు చచ్చీచెడీ నేర్చుకున్నదంతా దానికి నడక వచ్చినట్టు వచ్చింది. పాత బండొకటి కొనుక్కుని, దాన్ని విప్పి, మళ్లీ తనే కట్టుకుంది. దాన్ని ఎవరైనా తాకితే గుడ్లురిమి చూసేది.

డ్రిఫ్టింగ్‌లో ఎవరు ముందు గీత దాటారన్నది కాదు లెక్క. ఇద్దరేసి వదులుతారు. ముందు బండి జారుకుంటూ దారి చూపించాలి, వెనక బండి దాని తలుపుకి అతుక్కున్నట్టే జారుతూ రావాలి. రెండో పరుగులో ముందువాళ్లు వెనక్కి, వెనకవాళ్లు ముందుకి. ఎంత దగ్గరగా వెంటాడితే అన్ని మార్కులు. ముందున్నవాడు మధ్యలో వేగం తగ్గించకూడదు. ఆ నమ్మకం మీదే వెనకున్నవాళ్లు ప్రాణం పెట్టి వస్తారు. గుద్దుకుంటే మాత్రం తప్పు వెనకవాళ్లదే, ముందువాడు తగ్గించాడని రుజువు చూపిస్తే తప్ప.

వెంటాడటంలో మా మరదలి తర్వాతే ఎవరైనా. స్టాండ్లలో జనం దానికి 'నీడ' అని పేరు పెట్టారు. ఆ పేరు వినబడినప్పుడల్లా తమ్ముడు నవ్వేవాడు. వాడి నవ్వు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఆటలో ఓడిపోతూ బయటికి నవ్వే నవ్వది.

ఈసారి ఫైనల్లో మొగుడూ పెళ్లాలే తలపడ్డారు. జనానికి ఇంకేం కావాలి, పండగ! మొదటి పరుగులో మా మరదలు ముందు, తమ్ముడు వెనక. వాడు మొదటి మలుపులోనే వెనకబడిపోయాడు. రెండు బండ్ల మధ్య లారీ పట్టేంత ఖాళీ. స్టాండులోంచి ఎవడో వెధవ గొంతు చించుకుని అరిచాడు, "ఇంట్లో కూడా ఇంతేనా గురూ!" అని. జనం పగలబడి నవ్వారు. నిజం చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది.

రెండో పరుగుకి నేను చివరి మలుపు గోడ దగ్గర నిలబడ్డాను. తమ్ముడు ముందు, మా మరదలు వెనక. వాడి బండి పొగలు కక్కుకుంటూ అడ్డం తిరిగింది. వాడి తలుపు పక్కనే ఆమె బండి ముక్కు, అరచెయ్యి పట్టేంత సందు కూడా లేదు. నేను నడుం తిప్పుతూ బటన్ నొక్కిపట్టాను. ఒక్కసారిగా డబ్బా నలిగిన చప్పుడు. ఆమె బండి వాడి వెనక తలుపుని గుద్ది, గిర్రున తిరిగి, టైర్ల గుట్టలోకి పోయి కూరుకుపోయింది.

కెమెరా మెడకి వదిలేసి గోడ దూకాను. అలా దూకకూడదు, దూకితే పాసు లాక్కుంటారు. లాక్కోనీ. నేను వెళ్లేసరికి తను హెల్మెట్ తీసేసి కూర్చునుంది. ఎడం మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు. "సారీ వదినా, నేనే తొందరపడ్డాను," అంది. నొప్పితో పళ్లు బిగబట్టి మరీ సారీ చెప్పింది.

నిర్ణేతలు తప్పు ఆమెదేనన్నారు. వాళ్లుండేది ఎత్తున, దూరంగా. వాళ్లకి కనబడింది పొగ, వినబడింది ఇంజన్ మోత. రెండూ ఎక్కడా తగ్గలేదు. కాబట్టి ముందువాడు వేగం తగ్గించలేదు, సరిపోయింది. కప్పు తమ్ముడికి, ఏడాది నిషేధం మా మరదలికి. వాడు కప్పు పట్టుకుని, చేతికి కట్టుతో ఉన్న పెళ్లాం భుజం చుట్టూ చెయ్యేసి, "పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి, నాకేం కోపం లేదు," అని మైకులో చెప్పాడు. చప్పట్లే చప్పట్లు. ఎంత పెద్ద మనసు!

మర్నాడు పొద్దున్నే కాఫీ పెట్టుకుని ఫొటోలు తెరిచాను. గుద్దడానికి ముందు క్షణంది ఒకటి భలే కుదిరింది. జనం గీతలైపోయారు, తమ్ముడి బండి తళతళలాడుతోంది, వెనక చక్రం పొగలో ముద్దగా తిరుగుతోంది. ముందు చక్రంలో మాత్రం స్పోకులు కనబడుతున్నాయి. మొదట నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత కాఫీ కప్పు కింద పెట్టాను.

ఒకే ఫొటోలో వెనక చక్రం తిరుగుతోంది, ముందు చక్రం తిరగట్లేదు. అది షటర్ చేసే పని కాదు. బ్రేకు చేసే పని. ఈ బండ్లలో ఇంజన్ తిప్పేది వెనక చక్రాలనే, అందుకే కుడికాలు యాక్సిలరేటర్ మీద తొక్కిపెట్టే ఉంచాడు, పొగా మోతా తగ్గకుండా. ఎడమకాలితో బ్రేకు తొక్కాడు. పక్కనే తనను నమ్ముకుని వస్తున్న పెళ్లాం ముందు తొక్కాడు.

తిన్నగా తమ్ముడి ఇంటి గ్యారేజీకి పోయాను. తమ్ముడు సొట్టపడ్డ తలుపు విప్పుతున్నాడు. ఫోను వాడి మొహం ముందు పెట్టాను.

"భలే వచ్చిందక్కా," అన్నాడు.

"ముందు చక్రం చూడు."

చూశాడు. "కాలు తగిలుంటుంది."

"తగిలితే చక్రం అలా బిగుసుకుపోతుందా? ఎవరికి చెప్తున్నావురా కబుర్లు?"

వాడు స్పానరు బల్ల మీద విసిరికొట్టాడు. "ఏం చెయ్యమంటావు మరి? వాడెవడో అరిచింది విన్నావుగా! నువ్వు కూడా నవ్వుంటావు. ఊళ్లో తలెత్తుకు తిరగొద్దా నేను?"

"తలెత్తుకోడానికి దాని చెయ్యి విరగ్గొడతావా?"

"విరగ్గొట్టాలని కాదక్కా. కొంచెం బెదురుతుంది, వెనక్కి తగ్గుతుంది అనుకున్నా. అది తగ్గలేదు. అదీ దాని తప్పు."

ఆ మాట వాడు నిజంగా నమ్మి అన్నాడు. చెంప పగలగొడదామని చెయ్యెత్తాను. ఈలోగా మేడ మీంచి అమ్మ దిగొచ్చింది, అంతా విన్నట్టుంది.

"ఏమే, తప్పు నాదేనని అది ఒప్పేసుకుంది కదా. మధ్యలో నీకేంటి?" అంది. "చల్లగా ఉన్న కాపురంలో నిప్పులు పోస్తావా?"

"కాపురాన్ని తీసుకెళ్లి గోడకేసి కొట్టింది నీ కొడుకమ్మా, నేను కాదు."

"చాల్లే, ఊరుకో. పెద్ద వచ్చింది చెప్పడానికి. ఆ అమ్మాయి ఇకనైనా ఆ పిచ్చి మానేసి ఇంట్లో కుదురుగా ఉంటానంది. బండి అమ్మేసి, వీడి బండి బాగు చేయిస్తుందట. అంతా మంచికే అయింది."

బండి అమ్మేస్తుందని అప్పుడే తెలిసింది నాకు. నిషేధం మీద ఫిర్యాదు చెయ్యాలంటే డ్రైవరే చెయ్యాలి, ఫొటోగ్రాఫరు మాట ఎవరూ వినరు. వారం లోపు చెయ్యాలి. ఒక్క ఫొటో చాలు. నిషేధం పోతుంది, కప్పు దానికే వస్తుంది, అన్నిటికంటే ముందు తన తప్పేమీ లేదని దానికి తెలుస్తుంది. తన చేతుల మీద తనకే నమ్మకం పోయి, పాపం, బండి అమ్ముకుంటోంది. చూస్తూ ఎలా ఊరుకోను?

స్టూడియోకి వెళ్లి ఆ ఫొటోని పెద్దగా ప్రింటు తీయించాను. చక్రాలు రెండూ కొట్టొచ్చినట్టు కనబడేలా. మధ్యాహ్నం తమ్ముడు లేని వేళ చూసుకుని వాళ్లింటికి వెళ్లాను. మా మరదలు వంటింట్లో ఉంది, ఒంటిచేత్తో కప్పులు కడుగుతోంది. పాట లేదు. నన్ను చూసి స్టూలు జరిపింది.

"చేతులు తుడుచుకో, నీకొకటి చూపించాలి," అన్నాను.

తుడుచుకుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. మామూలు మనుషులు ఆ ఫొటో చూస్తే పొగని చూస్తారు, బండి రంగు చూస్తారు. తన చూపు సూటిగా ముందు చక్రం మీదకే పోయింది. బొటనవేలు దాని మీద పెట్టింది. తర్వాత వెనక చక్రం మీద. మళ్లీ ముందు చక్రం మీద. ఏడుస్తుందేమో, అరుస్తుందేమో, ఆ కప్పులన్నీ నేలకేసి కొడుతుందేమో అని చూస్తున్నాను. కొడితే బాగుండుననే ఉంది నాకు.

"షటర్ ఎక్కువ పెట్టినట్టున్నావు వదినా," అంది.

"ఏంటీ?"

"చక్రం ఆగిపోయినట్టు వచ్చింది. నీకెప్పుడూ ఇలా రావే."

నాకు ఎక్కడో కాలింది. "నాకు పని నేర్పుతున్నావా? వెనక చక్రం చూడవే పిల్లా! అదెలా తిరుగుతోంది మరి?"

"పొగలో తెలియట్లేదు."

"నా మొహం చూసి చెప్పు ఆ మాట."

చూసింది. కళ్లలో చుక్క నీరు లేదు. వెళ్లి వంటింటి తలుపు దగ్గరగా వేసొచ్చింది, పైన అమ్మ ఉందని.

"గుద్దినప్పుడే నాకు తెలుసు వదినా. ఆ బ్రేకులు బిగించింది నేనే. అవి పడితే బండి ముక్కు ఎలా వంగుతుందో నాకు తెలీదా?"

"తెలిసి... నీదే తప్పని ఎందుకు చెప్పావే?"

"తప్పు నాదైతే బండి ఒక్కటే పోతుంది. ఆయనదైతే, చెప్పు, రేపట్నుంచి నేనెవరి పక్కన పడుకోవాలి?"

నోరు తెరిచాను. వచ్చేయ్, మా ఇంట్లో ఉండు అందామనుకున్నాను. అనేశాను కూడా. తను చిన్నగా నవ్వింది. "నువ్వాయన అక్కవి వదినా. ఇవాళ కోపంగా ఉన్నావు. రేపు అత్తయ్య ఏడిస్తే పోతుంది." నాకు కోపం రావాల్సింది, రాలేదు. ఫొటో మడతపెట్టకుండా జాగ్రత్తగా నా చేతికిచ్చి, "చింపెయ్యకు, మంచి ఫొటో," అంది. మళ్లీ కప్పుల దగ్గరికి వెళ్లింది.

వారం తిరక్కుండానే బండి కొనుక్కునేవాడు ట్రైలరు తీసుకొచ్చాడు. కుర్రతనం పోని మీసాలు, ఎప్పుడూ నవ్వే మొహం. ఇరుకు సందు, ట్రైలరు వెనకే గోడ. ఒంటిచేత్తో మా మరదలు ఎక్కించడం కుదరదు కాబట్టి తమ్ముడే ఆమె బండిలో కూర్చున్నాడు. దాంట్లో వాడు కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. సీటు వెనక్కి జరుపుకున్నాడు.

మా మరదలు ట్రైలరు పక్కన నిలబడి మంచి చెయ్యి ఊపుతూ దారి చెప్పింది. "రా... ఇంకొంచెం ఎడమకి... రా, రా... మెల్లగా... ఆగు."

ఆగాడు. ట్రైలరు అంచుకి వేలెడు ఎడంలో, ఎక్కడివాడక్కడ ఆగాడు.

కొనుక్కున్నవాడు ముచ్చటపడిపోయాడు. "అదృష్టమంటే మీదేనమ్మా! మీరు ఆగు అంటే ఆగే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?"

తమ్ముడు కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వాడు.

"అవునండీ," అంది మా మరదలు. వెళ్లి చక్రాల కింద చెక్కముక్కలు పెట్టి, బండి కదలకుండా ఉందో లేదో ఒకసారి తోసి చూసి, తాళాలు అతని చేతిలో పెట్టింది.