పిచ్చోళ్ల చిట్టా

"ఎర్మెక్! లేచి నిలబడు. ఆ తెల్లకోటు విప్పు."

డీన్ ముకాష్ అసనోవిచ్ గొంతు పెంచలేదు. ఆయనకి ఎప్పుడూ ఆ అవసరం రాదు. నాలుగో సంవత్సరం పిల్లలు నూటనలభై మంది కూర్చున్న ఆ హాల్లో ఆయన దగ్గితే చాలు, రాసే కలాలు ఆగిపోతాయి. చేతిలో ఒక కాగితం ఉంది. అది పసుపు ఇంటి నుంచి వచ్చిన కాగితం. బస్సు ఆఖరి స్టాపు దగ్గరున్న మానసిక వైద్యశాలని బిష్కెక్‌లో ఎవరూ ఆసుపత్రి అనరు, దాని గోడల రంగుతోనే పిలుస్తారు. అక్కడి కిటికీ దగ్గర పేరు రాయించుకున్నవాడు చిట్టాకెక్కుతాడు. చిట్టాకెక్కినవాడికి సర్కారు కొలువు ఉండదు, బండి లైసెన్సు ఉండదు, డాక్టరు పట్టా అసలే ఉండదు. ఆ చిట్టా రోగికీ డాక్టరుకీ మధ్య ఉండాల్సింది. కానీ పసుపు ఇంటి పెద్ద డాక్టరూ మన డీన్‌గారూ ఒకే బల్ల మీద తాగే స్నేహితులు.

ఎర్మెక్ లేచాడు. నారిన్ కొండల్లో గొర్రెల కాపరి కొడుకు, చలికి పగిలిన బుగ్గలు. నాడి పట్టి చూడటంలో ఆ హాలు మొత్తంలో వాణ్ని మించినవాడు లేడు.

"నెల రోజులుగా నిద్ర లేదంట. చావు ఆలోచనలు వస్తున్నాయంట," అని డీన్ చదివాడు. "వారం వారం వెళ్ళి మాత్రలు తెచ్చుకుంటున్నాడంట. చూశారా పిల్లలూ? రేపు మీ అమ్మకి ఆపరేషన్ చేసే మహానుభావుడు ఇతనే."

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక ఇంకెవరో అందుకున్నారు. వాడి స్నేహితురాలు సైకాల్ కూడా నవ్వింది. దాచి ఏం లాభం, నవ్వింది. అందరూ నవ్వుతుంటే తనొక్కతే నవ్వకపోతే తనవైపు చూస్తారేమోనన్న భయానికి నవ్వింది. ఎర్మెక్‌ని పసుపు ఇంటికి పంపింది కూడా ఆమే. "రేపు మనమే డాక్టర్లం, మనమే డాక్టరు దగ్గరికి పోకపోతే ఎట్లారా" అని బస్సెక్కించింది.

"నాకు తగ్గుతోంది అగై," అన్నాడు ఎర్మెక్, అక్కడ మాస్టార్లని పిలిచే పిలుపుతోనే. "రెండు వారాల నుంచి నిద్ర పడుతోంది. నిజంగా తగ్గుతోంది."

"తగ్గితే సంతోషం. ఆ మాట వెళ్ళి మీ ఊళ్ళో గొర్రెలకి చెప్పుకో. కోటు అక్కడ పెట్టు."

ఎర్మెక్ కోటు విప్పి, గుండీలు మళ్ళీ పెట్టి, మడతపెట్టి మరీ బల్లమీద పెట్టాడు. అటు తర్వాత నాలుగో రోజున కబురొచ్చింది. ఎర్మెక్ ప్రాణం తీసుకున్నాడు.

కాలేజీ కదిలిపోయి ఉంటుందని మీరనుకుంటారు. కదిలింది బాబూ, ఎట్లా కదిలిందో వినండి. వారం తిరక్కుండానే, ఒక సోమవారం పొద్దున ప్రతి విద్యార్థి బల్లమీదా అచ్చేసిన కాగితం ప్రత్యక్షమైంది. "నేను ప్రాణం తీసుకోనని హామీ ఇస్తున్నాను. ఒకవేళ తీసుకుంటే అందుకు నా కుటుంబ పరిస్థితులే కారణం, కాలేజీకి ఏ సంబంధమూ లేదు." కింద సంతకం, తేదీ. దీని పేరు ఆత్మహత్యల నివారణ కార్యక్రమం! ముప్పై ఆరు గంటలు ఏకబిగిన వేసే డ్యూటీలు తగ్గించారా? లేదు. తప్పు జవాబు చెప్పిన పిల్లని రోగుల ముందు గాడిదా అని తిట్టడం మానారా? లేదు. సంతకం మాత్రం పెట్టమన్నారు. పిల్లలు చస్తారేమోనని కాదు వాళ్ళ బెంగ, చస్తే ఆ చావు ఎవరి మెడకి చుట్టుకుంటుందోనని.

సైకాల్ సంతకం పెట్టలేదు. మధ్యాహ్నం హాస్టలుకి వచ్చేసరికి ఆమె మంచం మీద ఒక స్టెతస్కోపు ఉంది. అదే గదిలో ఉండే బూబూసారాది. రెండేళ్ళుగా ఎవర్నీ ముట్టుకోనివ్వని వస్తువు.

"ఇదేంటే?"

"నువ్వుంచుకో. నీదాంట్లో సరిగా వినబడట్లేదన్నావుగా."

"మరి నీకో?"

"నాకెందుకులే."

బూబూసారా గోడవైపు తిరిగి పడుకుంది. మూడు రోజులుగా అంతే. పోసిన చాయ్ పోసినట్టే చల్లారుతోంది. తుంచిన రొట్టె తుంచినచోటే ఎండిపోతోంది. సైకాల్ మనసులో లెక్కపెట్టుకుంది. ఇష్టమైనవి పంచిపెట్టడం, తిండి మానడం, మనుషుల నుంచి ముఖం తిప్పుకోవడం. పోయిన నెల పరీక్షలో ఇదే ప్రశ్నకి ఆమె పేజీన్నర రాసింది, పూర్తి మార్కులొచ్చాయి. మంచం అంచున కూర్చుని, చెయ్యి పట్టుకుని సూటిగా అడిగేసింది.

"చచ్చిపోవాలనుందా?"

ఆ పిల్ల దుప్పటి మెడదాకా లాక్కుంది.

"ఉంది," అంది బూబూసారా గోడతో. "ఎవరూ అడగలేదు. నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నా."

"అయితే లే. పసుపు ఇంటికి పోదాం. నేనూ వస్తా."

"ఎర్మెక్‌ని కూడా నువ్వే పంపావు."

ఆ మాట సైకాల్‌కి చెంపదెబ్బలా తగిలింది. అయినా చెయ్యి వదల్లేదు.

"పంపానే. పంపినదాన్నే వాడి మీద నవ్వాను కూడా. కానీ వాణ్ని చంపింది మాత్రలు కాదు. మాత్రలతో వాడికి నిద్రొచ్చింది. చంపింది ఆ కాగితం."

"నేననేదీ అదేగా. రేపు నా పేరూ అట్లాంటి కాగితం మీదే ఉంటుంది. మా అమ్మ ఊరూరా చెప్పుకుంది, మా పిల్ల డాక్టరు అవుతోందని. ఆమెని పిచ్చిదాని తల్లిని చెయ్యలేను. దానికంటే పోవడమే నయం."

ఇక వాదించి లాభం లేదని సైకాల్‌కి అర్థమైంది. ఆ పిల్లని ఒక్కదాన్నీ గదిలో వదిలిపెట్టడానికీ లేదు. లేపి, జుట్టు ముడేసి, చెయ్యి పట్టుకుని కింది వంటగదికి లాక్కుపోయింది.

వంటగది సంత మాదిరిగా ఉంది. నలభై మంది దాకా ఉన్నారు. పెద్ద మూకుడులో పలావు ఉడుకుతోంది, దాని చుట్టూ సంతకం సంగతి ఉడుకుతోంది.

"పెట్టి పారేస్తే పోలా? కాగితమేగా," అన్నాడు తిలెక్. వాళ్ళ నాన్న ప్రాసిక్యూటరు.

"నీకు కాగితమే నాయనా," అంది ఉల్లిపాయలు తరిగే అమ్మాయి. "మీ నాన్న ఒక్క ఫోను కొడితే ఏ కాగితమైనా చిరిగిపోద్ది. మా నాన్న బజార్లో మూటలు మోస్తాడు. ఆయన ఫోనెత్తే మొనగాడు ఎవడున్నాడు?"

"రెక్టరుకి అర్జీ పెడదాం."

"పోయినేడు పెట్టాంగా! దాని మీద సంసాలు పెట్టుకుని తిన్నారు."

సైకాల్ బల్ల మీద గట్టిగా చరిచింది. "ఆగండెహె! అర్జీల సంగతి తర్వాత. ఒక్కటడుగుతా, నిజం చెప్పండి. ఈ నెల్లో ఒక్కసారైనా, పడుకుంటే మళ్ళీ లేవకపోతే బావుండుననుకున్నవాళ్ళు చెయ్యెత్తండి."

ముందు సైకాలే ఎత్తింది. తర్వాత పలావు కలుపుతున్న కుబాన్ గరిటెతో సహా చెయ్యెత్తాడు. వాడు హాస్టలు మొత్తాన్నీ నవ్వించే పిల్లాడు. ఆ తర్వాత ఒకటొకటిగా లేచాయి. తిలెక్ చెయ్యి సగం లేచి, దిగి, మళ్ళీ లేచింది. బూబూసారా తలెత్తి ఆ చేతులన్నీ చూసింది. ఇన్నాళ్ళూ తనొక్కతే ఇట్లా ఉందనుకుంది పాపం.

"అబ్బో!" అన్నాడు కుబాన్. "ఇంతమందిమీ చిట్టాకెక్కితే డీన్‌గారు కుర్చీలకి పాఠం చెప్పుకోవాల్సిందే."

అందరూ నవ్వారు. సైకాల్ నవ్వలేదు.

"మళ్ళీ అనరా."

"జోకు తల్లీ."

"జోకు కాదు. ఒక్కడు పసుపు ఇంటికి పోతే కోటు విప్పించాడు. మిగిలినవాళ్ళమంతా పోతే ఎవరిచేత విప్పిస్తాడు?"

"మతి పోయిందా నీకు?" తిలెక్ లేచాడు. "చిట్టాకెక్కితే జన్మంతా ఉంటది!"

"అందుకే అందరం ఎక్కాలి. ఊళ్ళో అందరి పేర్లూ ఉన్న చిట్టాతో ఎవణ్ని బెదిరిస్తాడు? మనలో ఈ వారం డాక్టరు దగ్గరికి పోయి తీరాల్సినవాళ్ళున్నారు. పోకపోతే వాళ్ళూ మిగలరు. వాళ్ళకి ముందూ వెనకా మనం నిలబడాలి. అంతే."

వాదన సాయంత్రం దాకా నడిచింది. తిట్టుకున్నారు, ఏడ్చారు, పలావు అడుగంటింది. గది గదికీ తిరిగి తలుపులు కొట్టారు. ఆ రాత్రి బూబూసారా పక్కన ఇద్దరేసి వంతులేసుకుని కూర్చున్నారు.

మంగళవారం పొద్దున నూటపన్నెండు మంది తెల్లకోట్లు వేసుకుని రోడ్డెక్కారు. రానివాళ్ళు రాలేదు, వాళ్ళ భయం వాళ్ళది. బజారు మలుపులో రొట్టెలమ్మే ముసలామె బండి ఆపి అడిగింది.

"ఎవరు పోయారు నాయనా, ఇంతమంది బయల్దేరారు?"

"ఇంకెవరూ పోకూడదనే పోతున్నాం ఎజె," అంది సైకాల్. పెద్ద ఆడవాళ్ళని అక్కడ అక్కా అన్నట్టు ఎజె అంటారు.

పసుపు ఇంటి కిటికీ దగ్గర సఫూరా ఎజె ఇరవయ్యేళ్ళుగా పేర్లు రాస్తోంది. తలవంచుకుని వచ్చి గుసగుసగా పేరు చెప్పేవాళ్ళే తప్ప ఇట్లా వరస కట్టి వచ్చినవాళ్ళని ఎన్నడూ చూళ్ళేదు. కళ్ళద్దాలు సర్దుకుంది.

"పేరు? ఏం బాధ?"

ముందు కుబాన్. ఒట్టి పేరు చెప్పి పక్కకి జరగాలని అనుకున్న మాట. ఏదో జోకు వెయ్యబోయాడు, రాలేదు.

"రోజూ పొద్దున వార్డులోకి పోయేముందు బాత్రూములో ఏడుస్తానెజె."

ఎవరూ నవ్వలేదు. సఫూరా ఎజె రాసుకుంది. తర్వాతి పిల్ల రెండు నెలలుగా నిద్ర లేదంది. ఇంకొకడు చేతులు వణుకుతున్నాయన్నాడు, రోగి గదిలోకి పోవాలంటే వాంతి వస్తోందన్నాడు. డీన్‌కి బుద్ధి చెప్పాలని వచ్చినవాళ్ళంతా అక్కడికొచ్చాక నిజం చెప్పడం మొదలుపెట్టారు. లోపల్నించి ఒక కుర్ర డాక్టరమ్మ వచ్చి ఆ వరస చూసి, "ఒక్కొక్కరే రండి" అని తలుపు బార్లా తెరిచింది.

ఇరవై పేర్లు దాటాయో లేదో, డీన్ కారు వచ్చింది. దాని వెనకే రెండు పోలీసు వ్యానులు.

"ఐదు నిమిషాలిస్తున్నా. ఇప్పుడు క్లాసుకి పోయినవాళ్ళని నేనిక్కడ చూడలేదనుకుంటా," అన్నాడు ముకాష్ అసనోవిచ్.

ముప్పై మంది పోయారు. ఎందుకు దాచాలి, పోయారు. తిలెక్ జేబులో ఫోను మోగింది. "ఊఁ నాన్నా, ఊఁ" అంటూ తలదించుకుని వాడూ పోయాడు. మిగిలినవాళ్ళు సందులు పూడ్చుకుని దగ్గరగా జరిగారు.

డీన్ వరస పొడవునా నడిచాడు. ముప్పై ఏళ్ళ అనుభవం ఆయనది, ఎవరు విరిగిపోతారో చూడగానే కనిపెట్టగలడు. కిటికీకి మూడడుగుల దూరంలో, సైకాల్ వెనక దాక్కున్న బూబూసారా దగ్గర ఆగాడు. చేతిలో కాలేజీ ఫైలుంది. అందులోంచి నంబరు చూసి ఫోను చేశాడు. అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాడు.

"అగై, వద్దు!" బూబూసారా చేతులు జోడించింది. "మా అమ్మకి వద్దు అగై, మీ కాళ్ళు పట్టుకుంటా."

"అమ్మా, కాలేజీ నుంచి మాట్లాడుతున్నా. మీ అమ్మాయి పిచ్చాసుపత్రి గుమ్మంలో ఉంది. పేరు రాయించుకుందంటే ఇక డాక్టరు కాదు. మీ పరువు సంగతి. మీరే చెప్పండి."

ఫోనులో గాలి హోరు. ఎక్కడో కుక్క మొరిగింది.

"నా పిల్ల బతికుందా?"

"బతికే ఉందమ్మా, కానీ..."

"పక్క ఊళ్ళో ఎర్మెక్ అని ఒక పిల్లాణ్ని పోయినవారం మట్టి చేశాం. స్నానం చేయించింది మా ఆయనే. ఆ పిల్లాణ్ని ఇంటికి తరిమింది మీరేనా?"

డీన్ ఫోను కట్టెయ్యబోయాడు. చేతికి మీట దొరకలేదు.

"బూబూసారా! వినబడుతోందా? డాక్టరు కాకపోతే పోనీయ్. ఆ వరసలోంచి కదిలావో, కాళ్ళిరగ్గొడతా! బస్సెక్కుతున్నా, వస్తున్నా!"

వరసలో ఎవరో బోరుమన్నారు. డీన్ ముఖం మాడిపోయింది. ఫోను జేబులో కుక్కుకుని సైకాల్ వైపు వేలు చూపించాడు.

"అదే! అందర్నీ రెచ్చగొట్టింది అదే! కాలేజీలోంచి దాన్ని తీసేశాను, తీసుకుపోండి!"

ఇద్దరు పోలీసులు ఆమె మీద పడ్డారు. కిటికీ ఊచ పట్టుకుంటే వేళ్ళ మీద లాఠీతో కొట్టారు. పెదవి చిట్లింది, కోటు భుజం దగ్గర చిరిగింది. అడ్డమొచ్చిన కుబాన్‌నీ ఇంకో తొమ్మిది మందినీ జుట్టు పట్టుకుని ఈడ్చారు. సైకాల్ నాలుగేళ్ళ చదువు, వాళ్ళమ్మ బజార్లో చలికి నిలబడి చదివించిన చదువు, అక్కడే మట్టిలో పోయింది. సైకాల్‌కి ఆ సంగతి తెలుసు. వ్యానులోకి తోస్తున్నా ఆమె వెనక్కి తిరిగి ఒక్క మనిషినే చూస్తోంది.

బూబూసారా కదల్లేదు. ముందున్నవాళ్ళని ఈడ్చుకుపోవడంతో కిటికీ దగ్గర ఇప్పుడు ఆమే మొదటి మనిషి. సఫూరా ఎజె మళ్ళీ కలం ఎత్తి అడిగింది.

"పేరు?"

"బూబూసారా."

"ఏం బాధ తల్లీ?"

వ్యాను తలుపు పడబోతోంది. బూబూసారా అటు చూసి, అక్కడిదాకా వినబడేలా అరిచి చెప్పింది.

"బతకాలనిపించట్లేదు ఎజె. రాసుకోండి. నాకు బతకాలనుంది, అదీ రాసుకోండి!"

డాక్టరమ్మ వచ్చి ఆమెని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. పోలీసులు చూస్తుండగానే, వెనకున్నవాళ్ళంతా ఒక అడుగు ముందుకి జరిగారు.